నత్తలవారింట గజసింహుడు

మైకు పట్టుకున్న ఆ కుర్రవాడికి గొంతు అంత స్పష్టంగా లేకపోయి ఉంటే నత్తల ఢిల్లేశ్వరరావు సంసారం ప్రశాంతంగానే సాగిపోయేది.

టెక్కలిలో అత్తగారు జోగమ్మ ఇంట మనవరాలి ఓణీల వేడుక. అక్షింతలు వెయ్యడానికి బంధువులను ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. "వీరభూపతి శ్యాంసుందర్ గారూ!" అనగానే పందిట్లో సగంమంది, ఎవరో గుర్రం దిగి వస్తున్నారేమోనని వీధి వంక చూశారు. వచ్చినవాడు టెక్కలిలో నీళ్ళ మోటార్లు బాగుచేసుకునే బక్కపలచని మనిషి. ఢిల్లేశ్వరరావుకు స్వయానా తోడల్లుడు.

"నత్తల ఢిల్లేశ్వరరావు గారూ!" అన్నాడు తరువాత ఆ కుర్రవాడు.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ గబుక్కున కాళ్ళు పైకి తీసుకుంది.

ఉద్దానం కొబ్బరికాయలను లారీలకెత్తి దేశమంతటికీ పంపే వ్యాపారి, పలాసలో రెండంతస్తుల ఇల్లు పూర్తిచేస్తున్న గృహస్థు, ఆ ఇంటికి సాక్షాత్తూ పెద్దల్లుడు. ఇన్ని హోదాలూ కలిసి కూడా ఆ ముసలమ్మ పాదాలను మళ్ళీ నేలకు దించలేకపోయాయి.

భోజనాల దగ్గర జోగమ్మ చేప తలకాయ తెచ్చి "తిను బూపతి బాబూ" అంటూ చిన్నల్లుడికి వడ్డించింది. పెద్దల్లుడి విస్తట్లో తోక పడింది. ఆ తోక ఆయన గొంతు దిగలేదు. పలాస దారిపట్టిన కారులో కూడా అక్కడే అడ్డంగా ఉండిపోయింది.

"ఒలే కాంతం, మీయమ్మకి కళ్ళు అవుపడతన్నాయా?" అన్నాడు భార్యతో.

"అవుపడతన్నాయి. ఏటైనాది?" అంది కాంతమ్మ.

"పెద్దల్లుడికి తోకేటి, సిన్నల్లుడికి తలకాయేటి?"

"ముళ్ళు గుచ్చుకుంటాయని నువ్వు తలకాయ ముట్టవు గదా మావా. పెళ్ళైన కాడ్నించీ తోకే అడిగి తింతన్నావు."

"అది నాను అడిగిన తోక. ఇది ఆళ్ళు ఏసిన తోక. రెండూ ఒకటేనేటి?"

"సేపకి ఒకటే తోక ఉంటాది మావా."

"నీకు తెలీదులే. ఇదంతా ఇంటిపేరు మహిమ. ఆడు మోటారు ఇప్పినా బూపతే. నాను లారీ నింపినా నత్తే."

కాంతమ్మ కిటికీ వైపు తిరిగి నిద్ర నటించింది. భర్తకు అసూయ పట్టినప్పుడు ఆమె వాడే మందు అదే. సాధారణంగా ఊరు చేరేలోపు పనిచేసేది. ఈసారి పనిచెయ్యలేదు.

మర్నాటినుంచి ఢిల్లేశ్వరరావు కొబ్బరి షెడ్డులో కూర్చుని, లోకంలోని రాజులకు ఇంటిపేర్లు ఎలా వచ్చాయో ఫోనులో పరిశోధన ప్రారంభించాడు. కొందరికి ఏలిన ఊరు ఇంటిపేరైంది. కొందరికి పై చక్రవర్తి ఇచ్చిన బిరుదు ఇంటిపేరైంది. మనవాళ్ళకు ఇంటిపేరు ముందు నడిస్తే, ఒరిస్సా వైపు రాజులకు అది అంగరక్షకుడిలా పేరు వెనుక నడిచింది. అన్నిటికంటె ఆయనను ముగ్ధుణ్ణి చేసినవారు ఇంగ్లండు ప్రభువులు. జర్మనీతో యుద్ధం వచ్చిన రోజుల్లో, తమ వంశానికి ఉన్నది జర్మను పేరు కావడంతో, దాన్ని తీసి పక్కన పెట్టి, తమ కోట పేరునే ఇంటిపేరుగా ధరించారట.

"సూసినావా?" అన్నాడు ఆ సాయంత్రం భార్యతో. "అంత సూర్యుడస్తమించని రాజులే మార్సుకున్నారు. ఎవుడైనా నవ్వినాడేటి?"

"ఆళ్ళకి కోట ఉంది, దాని పేరెట్టుకున్నారు. నీకేటుంది? కొబ్బరి షెడ్డు."

"మనకీ కోట ఉన్నాది. కొమ్ముగిరి కోట. ఆ జమీందార్ల ఇంటిపేరు గజసింహ. ఏనుగూ, సింహమూ రెండూ ఉన్నాయి. ఆడి బూపతి దీని ముందు ఏపాటి?"

"ఆళ్ళకీ మనకీ ఏటి సుట్టరికం?"

"మా ముత్తాత ఆళ్ళ ఏనుక్కి కొబ్బరి మట్టలు మోసినాడు."

"అలగైతే ఏనుక్కి సుట్టం. జమీందారుకి కాదు."

పరిశోధకులకు ఇంట్లో గౌరవం ఉండదన్న సంగతి తెలిసినవాడు గనుక ఢిల్లేశ్వరరావు వాదన పెంచలేదు. గృహప్రవేశం శుభలేఖలు అచ్చు వేయించాడు. వాటిమీద "గజసింహ ఢిల్లేశ్వరరావు" అన్న అక్షరాలు దేవుడి బొమ్మకంటె పెద్దవిగా పడ్డాయి. కొత్త ఇంటి గుమ్మం పక్కన "గజసింహ నిలయం" అని పాలరాతి పలక వెలిసింది. మీసానికి కూడా కొత్త మలుపు వచ్చింది.

ఆ పలక చూసిన రోజున కాంతమ్మ నవ్వలేదు.

"మావా, మీయమ్మ నన్ను సూడ్డానికొచ్చినప్పుడు ఏటన్నాదో తెలుసా? 'మేం నత్తలోలం, మా ఇంట్లో ఆడదాని కంట నీరు రాదు' అన్నాది. ఆ మాట మీద నాను వొచ్చినాను. ఇప్పుడు పేరు పీకీసి నువ్వు రాజువైపోతే నానెవలింటి కోడల్ని?"

"మహారాణివే!"

"మహారాణోరు ఎల్లి అంట్లు తోముకోవాల" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి శుభలేఖ ఇవ్వడానికి ఆయన స్వయంగా టెక్కలి వెళ్ళాడు. శ్యాంసుందర్ నూనె చేతులు తుడుచుకుని, దాన్ని రెండు చేతులా అందుకుని, మొత్తం చదివాడు. ఆ ముఖంలో ఈర్ష్య ఎక్కడ మొలకెత్తుతుందా అని ఢిల్లేశ్వరరావు కళ్ళార్పకుండా చూశాడు.

"శానా బాగున్నాదన్నయ్యా. మీ మరదలు లక్ష్మీప్రియనీ పిల్లల్నీ తీసుకుని ముందు రోజే వొచ్చీత్తాం" అన్నాడు శ్యాంసుందర్.

అంతే. ఒక్క నిట్టూర్పు లేదు. ఒక్క ఎదురు ప్రశ్న లేదు. ఎదుటివాడికి అసూయ పుట్టకపోతే మనిషికి ఎంత అవమానమో ఆ రోజు ఢిల్లేశ్వరరావుకు అర్థమైంది.

గృహప్రవేశం నాటి ఉదయం పలాసలో చుట్టాలంతా దిగారు. పంతులుగారు హోమగుండం దగ్గర ఇటుకలు సర్దుతున్నారు. జోగమ్మ పట్టుచీరలో వచ్చి, పలక కేసి చూసి, "ఇదెవలిల్లు?" అని అడిగి, సరైన గుమ్మమేనని తెలుసుకుని లోపలికి వచ్చింది. పూలదండలు, కొత్త పంచె, తిప్పిన మీసంతో ఢిల్లేశ్వరరావు గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటి యజమానిగా గుమ్మడికాయ కొట్టి మొదటి అడుగు లోపల పెట్టేది తనే. అదీ తోడల్లుడి కళ్ళెదుట. ఆ ఒక్క అడుగు కోసమే ఆయన ఇల్లు కట్టాడేమో అనిపించేటంత ఆత్రంగా ఉన్నాడు.

అప్పుడు ఒక మోపెడు వచ్చి ఆగింది. దాని మీదనుంచి ఇద్దరు మనుషులు దిగారు.

"గజసింహ ఢిల్లేశ్వరరావు గారంటే...?"

"నానే!"

"సిన్నాన్నా!" అంటూ ముందున్నవాడు ఆయనను కావిలించుకున్నాడు. "నాను గజసింహ ధనరాజుని. బారువ. ఈడు మా తమ్ముడు. మన వంశంలో ఇంక మేం నాలుగిళ్ళోలమే మిగిలినాం అనుకున్నాం. పలాసలో రెండంతస్తుల మనిషి ఉన్నాడని మొన్నే తెలిసింది!"

ఢిల్లేశ్వరరావు గుండె పొంగిపోయింది. రాజవంశం మోపెడు మీద వచ్చిందని ఆయన చిన్నచూపు చూడలేదు. ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి పందిట్లోకి తిప్పి, "తమ్ముడూ శ్యాంసుందర్, ఇటు సూడు! మా కొమ్ముగిరోలు. మా రక్తం!" అన్నాడు.

శ్యాంసుందర్ నమస్కారం పెట్టి మెల్లిగా అన్నాడు: "అన్నయ్యా, ఆళ్ళ నొసట బొట్టు నేదు. మైలలో ఉన్నట్టున్నారు."

"అదే సెప్పడానికొచ్చినాం" అన్నాడు ధనరాజు కళ్ళు తుడుచుకుంటూ. "మా పెదనాన్న గజసింహ అప్పలరాజు గారు మొన్న కాలంసేసినారు. జ్ఞాతులకి కబురు సెప్పకపోతే తప్పుగదా. పెద్దకర్మకి మీరు రావాల."

పంతులుగారు ఇటుక కింద పెట్టేశారు.

"ఒకే ఇంటిపేరు, ఒకే వంశం. జ్ఞాతి మైల పట్టింది నాయనా. మైల తీరేదాకా మీరు హోమం దగ్గరకు రాకూడదు. గడప తొక్కకూడదు" అన్నారు.

ఢిల్లేశ్వరరావు నోరు తెరిచాడు. 'నాకూ వీళ్ళకూ ఏ సంబంధమూ లేదు' అన్న ఒక్క వాక్యం చాలు, గడప ఆయనదే. వాక్యం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఆయనకు శ్యాంసుందర్ ముఖం కనిపించింది. ఆ పెదవుల మీద ఏదో ఉంది. అది చిరునవ్వో, పొద్దున్న తిన్న ఉప్మాయో ఈ నాటికీ తేలలేదు. కాని ఢిల్లేశ్వరరావుకు మాత్రం చిరునవ్వుగానే కనిపించింది.

"మైల మైలే" అన్నాడు మీసం మీద చెయ్యి వేసి. "రాజవంశంలో పుట్టినాక ఆచారం తప్పుతామా?"

"ముహూర్తం దాటిపోతాది గదా?" అంది జోగమ్మ.

"దాటదు" అంది కాంతమ్మ, అప్పటిదాకా మాట్లాడనిది. "పంతులుగారూ, పేరు మార్సుకున్నది ఈయన ఒక్కడే. నా కొడుకు ప్రేమ్‌కుమార్ కార్డు మీద సూడండి, నత్తల ప్రేమ్‌కుమార్ అనే ఉన్నాది. ఆడికి మైలుందా?"

పంతులుగారు శుభలేఖ తిప్పి చూసి ఆలోచించారు. "నత్తలవారికి గజసింహలవారి మైల ఎందుకుంటుందమ్మా?"

"మరి నాకు?"

"భర్త మైల భార్యకు..."

"నన్ను నత్తలోల ఇంటికి తెచ్చినారు. గజసింహలోల ఇంటికి నన్నెవలూ తేనేదు. ఆళ్ళు పెళ్ళిసూపులకి రానేదు, మంగళసూత్రం ఇవ్వనేదు. నాకెందుకుంటాది?"

శాస్త్రంలో దీనికి సమాధానం ఉండే ఉంటుంది. కాని ముహూర్తం దగ్గరపడుతున్నప్పుడు పంతులుగారు దాన్ని వెతికే సాహసం చెయ్యలేదు. ప్రేమ్‌కుమార్, కోడలు ప్రియ పీటల మీద కూర్చున్నారు. గజసింహ ఢిల్లేశ్వరరావు రోడ్డు దాటి, ఎదురింటి అరుగు మీద, ఇద్దరు జ్ఞాతుల మధ్య కూర్చున్నాడు.

"బాధపడకండి సిన్నాన్నా" అన్నాడు ధనరాజు. "పెద్దకర్మనాడు బారువ సముద్రంలో తానం సేసి, క్షౌరం సేయించుకుంటే మైల పోతాది."

"క్షౌరమంటే... బుర్ర ఒకటేనా?"

"మీసం ముందు. బుర్ర తరవాత."

ఢిల్లేశ్వరరావు చెయ్యి తనంతట తానే మీసాన్ని కప్పుకుంది.

ఎదురుగా తన ఇంటి వాకిట్లో జరుగుతున్నదంతా అరుగు మీదికి చక్కగా కనిపిస్తోంది. పెళ్ళిళ్ళలో అద్దెకు తెచ్చే ఎర్రని మఖమలు కుర్చీ, చేతుల మీద బంగారు రంగు సింహాలున్నది, ఒకటి తెచ్చి సరిగ్గా గుమ్మం ముందు వేశారు. వద్దు వద్దంటున్నా శ్యాంసుందర్‌ను అందులో కూర్చోబెట్టారు. జోగమ్మ అతని చేతికి చల్లని షర్బతు ఇచ్చింది. ఫోటోగ్రాఫరు అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీశాడు.

ఢిల్లేశ్వరరావు పళ్ళు కొరుక్కున్నాడు. ధనరాజు అది దుఃఖమనుకుని వీపు నిమిరాడు.

"గుమ్మడికాయ కొట్టాలి. ఇంట్లో పెద్దవారెవరు?" పంతులుగారి గొంతు రోడ్డు దాటి వచ్చింది.

"మా బూపతి బాబున్నాడు గదా!" అంది జోగమ్మ. "లే బాబూ, కొట్టు!"

శ్యాంసుందర్ సింహాల కుర్చీలోంచి లేచాడు. గుమ్మడికాయ అందుకున్నాడు. పైకెత్తాడు.

"ఆపండెహె!"

ఎదురింటి అరుగు మీదనుంచి ఒక పంచె గాలిలోకి లేచి, అటువైపు ఆటోను, ఇటువైపు ఆవును తప్పించుకుని, పందిట్లో వచ్చి పడింది.

"నాను గజసింహని కాను! నత్తలోన్ని! మా నాన్న నత్తల, మా తాత నత్తల, ఆయన తాతా నత్తలే! ఆళ్ళ ఏనుగుతో తప్ప ఆళ్ళతో నాకే సంబంధమూ నేదు! ఆ కాయ ఇటియ్యి!"

ఆ మాటలు కాశీబుగ్గ దాకా వినిపించాయని తరువాత అక్కడివాళ్ళు చెప్పారు. పంతులుగారు మాత్రం చలించలేదు. మైలవాళ్ళను ముట్టుకున్నాడు గనుక బోరు కింద తలస్నానం చేసి రమ్మన్నారు. పట్టుపంచె ఒంటికి అంటుకుపోయి, మీసం రెండు వైపులా కిందికి జారి, నీళ్ళు ఓడుతూ వచ్చిన యజమాని గుమ్మడికాయను ఎంత బలంగా కొట్టాడంటే ఒక ముక్క ఎగిరి సింహాల కుర్చీలో కూర్చుంది. ధనరాజు అన్నదమ్ములు రోడ్డవతల నిలబడి అంతా చూశారు. కాంతమ్మ వాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళి క్షమించమని అడిగి, పెద్దకర్మకని బియ్యం, కొబ్బరికాయలు మోపెడు మీద కట్టించి పంపింది.

మధ్యాహ్నం భోజనాలై చుట్టాలు సర్దుకున్నాక, ఢిల్లేశ్వరరావు కొత్త మంచం మీద తువ్వాలు చుట్టుకుని తుమ్ముతూ కూర్చున్నాడు. మేస్త్రీ పాలరాతి పలకను ఊడదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కాంతమ్మ మిరియాల పాలు తెచ్చి ఇచ్చింది.

"ఒలే, నాకొకటి అర్థం కావట్లేదు. ఆ బారువోలకి మన సంగతి ఎలాగ తెలిసింది?"

"ఎండుసేపలు తెచ్చే దాలమ్మ బారువదే గదా. గజసింహలోల ముసలాయన పోయినాడని ఆ మనిషే సెప్పింది. ఒక కార్డు ఇచ్చి, ఆళ్ళకి ఇయ్యమన్నాను. సుట్టాలని పిలవకపోతే తప్పుగదా మావా."

ఢిల్లేశ్వరరావు మిగిలిన పాలు ఒక్క గుక్కలో మింగి గ్లాసు దించాడు.

"ఎంత పని సేసినావే! నాను పౌరుషానికి పోయి ఆ అరుగు మీదే కూకునీ ఉంటే? ఇంటి యజమాని నేకుండానే గృహప్రవేశం అయిపోయేది గదా!"

"నువ్వు కూకోవు మావా. శ్యాంసుందర్‌కి పెద్దపీట ఏసినారంటే నువ్వు పాడె మీద్నుంచైనా లేసి వొత్తావు."

"అది నీకెలాగ తెలుసు? మీయమ్మ ఆడికి సింహాల కుర్సీ ఏయిత్తాదని నీకు ముందే కలొచ్చిందేటి?"

కాంతమ్మ ఖాళీ గ్లాసు అందుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆ కుర్సీ మాయమ్మ ఏయించినాదని ఎవలు సెప్పినారు?"