ఎండబెట్టిన ప్రోబు

దర్శిలోని ఆ మట్టి పరీక్షల ల్యాబులో అటెండరు ఇమ్మానుయేలుకు ఆ ఉదయం ఒకటే పని. ల్యాబు చూసుకునే ఫెబా మీటింగుకని ఒంగోలు వెళుతూ, "బల్లలు తుడిచి తాళం వేసెయ్యండి" అని చెప్పింది.

బల్ల మీద పీహెచ్ మీటరు ఉంది. దాని ప్రోబు అంటే ఇమ్మానుయేలుకు భక్తి. చిటికెనవేలంత కడ్డీ, కొసన నీటిబొట్టంత గాజు బుడగ. మట్టి కలిపిన నీళ్ళలో ముంచితే చాలు, నేలలో పులుపెంతో చౌడెంతో అంకెల్లో చెప్పేస్తుంది! అంతటి దాని మూతలో నీళ్ళు నిలిచి ఉండటం చూసి ఆయన ప్రాణం చివుక్కుమంది. నీళ్ళు పారబోసి, బుడగను కొత్త తువ్వాలుతో తళతళలాడేలా రుద్ది, కిటికీలో ఎండకు పెట్టాడు.

మధ్యాహ్నం తాళం వెయ్యబోతుండగా తన ఊరి రైతు పిచ్చయ్య మట్టి సంచితో దిగాడు.

"మిరప ఆకులు పసుపు తిరుగుతున్నాయిరా. చూడు!"

"మేడమ్ లేరు బాబాయ్."

"రోజూ చూస్తున్నావుగా, ముంచరా!"

మట్టిని నీళ్ళలో కలిపి ప్రోబు ముంచాడు. అంకె నాలుగు దగ్గర ఆగింది. నాలుగంటే పులుపనీ, పులుపుకు సున్నం చల్లాలనీ ఫెబా రైతులకు చెప్పడం ఎన్నోసార్లు విన్నాడు. అదే చెప్పాడు.

పిచ్చయ్య ఆ మాట టీకొట్లో చెప్పాడు. కాసేపటికి ఊరు ఊరంతా మట్టి సంచులతో ల్యాబు ముందుంది. ఎవరి మట్టి ముంచినా నాలుగే! "నేలంతా పులిసిపోయిందిరోయ్!" అంటూ అందరూ కలిసి పిడుగురాళ్ళ సున్నానికి ఫోన్లు చేశారు.

సాయంత్రం తిరిగొచ్చిన ఫెబా సంగతి విని ప్రోబును కుళాయి నీళ్ళలో ముంచింది. నాలుగు. సున్నపు నీళ్ళలో ముంచింది. నాలుగు.

ఇమ్మానుయేలుకు ఒళ్ళు గగుర్పొడిచింది. "సున్నం కూడా పులిసిందా మేడమ్?"

"పులిసింది సున్నం కాదండీ, ప్రోబు ఎండింది! మూతలోవి మురికి నీళ్ళు కావు, దాన్ని తడిగా ఉంచే ఉప్పు ద్రావణం. ఆ గాజును రుద్దకూడదు. కడిగి, మెత్తటి కాగితంతో అద్దాలంతే."

రాత్రంతా ప్రోబు ద్రావణంలో నానింది. తెల్లారి ఫెబా దాన్ని తెలిసిన ద్రావణాలలో ముంచి సరిచేసి, పిచ్చయ్య మట్టినీళ్ళలో పెట్టింది. అంకె మెల్లగా ఏడు దాటి, ఎనిమిది దాటి నిలిచింది. చచ్చిందనుకున్నది లేచి నోరు విప్పినట్టనిపించి, ఇమ్మానుయేలు అప్రయత్నంగా చేతులు జోడించాడు.

"ఇది చౌడు వైపు నేల. దీనికి సున్నం పడితే మిరప మిగలదు" అంది ఫెబా.

ఆయన ఫోనందుకున్నాడు. "బాబాయ్, సున్నం చల్లొద్దు! తప్పు నాదే!"

"ఇంకా చల్లలేదు గానీ లారీలు దిగిపోయాయి కదరా! ఇంత సున్నం ఏం చేసుకోమంటావు?"

ఆ వారం ఆ ఊళ్ళో, గేదెల కొట్టాలతో సహా, వెల్ల వెయ్యని గోడ మిగల్లేదు.