ఎక్కాక దిగడం ఎలా?

ఆ ఆదివారం పొద్దున రెంబెర్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సైకిలెక్కి చర్చి పక్కనున్న రొట్టెల దుకాణానికి వెళ్ళాలి, వేడివేడి పిస్టొలె రొట్టెలు ఒక సంచీడు కొనాలి, మామగారు వచ్చే వేళకు ఇంటికి చేరాలి. నడిచి వెళ్ళగలిగిన దూరమే. ఇన్నేళ్ళూ నడిచే వెళ్ళాడు. ఈసారి మాత్రం సరిగ్గా మామగారు గేటు తీస్తుండగా ఆయన కళ్ళముందు సైకిల్ మీంచి దిగాలన్నది అసలు ఉద్దేశం.

మామగారు ఓడీల్ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరు మోసిన సైకిల్ పందెగాడు. ఆయన కొడుకు ఫిర్మిన్‌ది సైకిళ్ళ కొట్టు. కూతురు వీర్లె నడక కన్నా ముందు సైకిల్ నేర్చిందని చెప్పుకుంటారు. సైకిలంటే పడిచచ్చే ఫ్లాండర్స్‌లో అలాంటి ఇంటికి అల్లుడై, సైకిల్ ముట్టకుండా ఇంతకాలం నెట్టుకొచ్చిన రెంబెర్ట్ ఓర్పు సామాన్యమైంది కాదు. ఆదివారం భోజనాల దగ్గర తండ్రీకొడుకులు గేర్ల గురించి మాట్లాడుకుంటుంటే, అతను బంగాళాదుంపల గిన్నె అందరికీ అందిస్తూ ఉండేవాడు. "మనిషి మంచివాడే పాపం," అనేవాడు ఓడీల్, అతను ఎదురుగా ఉండగానే.

రెండేళ్ళ కిందట ఓడీల్‌కి గుండె ఆపరేషన్ జరిగింది. అప్పటినుంచి వీర్లె తండ్రిని సైకిలెక్కనివ్వలేదు. ఇప్పుడు భోజనాల దగ్గర గేర్ల మాట వస్తే ముసలాయన నోరు మెదపకుండా కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తాడు. ఆ చూపు రెంబెర్ట్ భరించలేకపోయాడు. తానొక సైకిల్ కొంటే, కనీసం దాన్ని విమర్శించే సుఖమైనా ఆయనకు దక్కుతుంది కదా అనుకున్నాడు.

"కొండదారులకా బావా, రోడ్డు మీదకా?" అని అడిగాడు ఫిర్మిన్ కొట్లో.

"రొట్టెల కొట్టుకి," అన్నాడు రెంబెర్ట్.

ఫిర్మిన్ చాలాసేపు ఆలోచించి, లావు టైర్లూ, ముందు చక్రానికి స్ప్రింగులూ ఉన్న కొండ సైకిల్ ఇచ్చాడు. దాని మీద కూర్చుంటే పడమన్నా పడరన్నాడు. మరుసటి వారం దాన్ని తొక్కుతున్న బావను వీధిలో చూసి సిగ్గుపడ్డాడు. ఇంత లావు టైర్లతో తారురోడ్డు మీద తిరిగితే మా కొట్టు పరువేం కావాలని, పలుచని టైర్లు వేశాడు. టైర్లు పలుచనయ్యాక తిన్నని హ్యాండిల్ నప్పలేదు, పొట్టేలు కొమ్ముల్లా వంపు తిరిగిన హ్యాండిల్ బిగించాడు. హ్యాండిల్ మారేసరికి సీటు నప్పలేదు. కొత్త సీటు చూసి రెంబెర్ట్ అది సీటుకి పెట్టే గూటం కాబోలు, సీటు తరవాత బిగిస్తారు కాబోలు అనుకున్నాడు. ముందున్న స్ప్రింగులు మాత్రం ఎలా విప్పాలో ఇంకా తేలలేదని వదిలేశాడు. అలా ఆ సైకిల్ కొండకూ కాకుండా, రోడ్డుకూ కాకుండా తయారైంది.

చివరిగా, నిన్న సాయంత్రం, పెడల్స్ మారాయి. ప్రత్యేకమైన బూట్లు తొడుక్కుని పెడల్ మీద తొక్కితే టక్కుమని అతుక్కుంటాయి. "ఇక నీ కాలూ సైకిలూ ఒకటే బావా," అన్నాడు ఫిర్మిన్. ఆ తరవాత "ఇప్పుడు ఊడదీయడం ఎలాగంటే..." అని మొదలుపెట్టేలోగా కొట్లోకి ఎవరో కొనేవాళ్ళు వచ్చారు. రెంబెర్ట్ మర్యాదస్తుడు. వేచి ఉంటే బావమరిది వ్యాపారానికి అడ్డమని, సైకిల్ చేత్తో నడిపించుకుని ఇంటికొచ్చేశాడు.

పొద్దున తోట గోడ పట్టుకుని నిలబడి, ఒక కాలు తొక్కాడు. టక్కుమంది. రెండోది తొక్కాడు. అదీ టక్కుమంది. ఆ చప్పుడు అతనికి ఎంతో నచ్చింది. ఫిర్మిన్ ఇచ్చిన పసుప్పచ్చ పందెం చొక్కా గాలికి ఉబ్బుతుండగా రొట్టెల కొట్టుదాకా హాయిగా వెళ్ళాడు. అక్కడ బ్రేకు నొక్కి, కాలు కింద పెట్టబోయాడు. కాలు రాలేదు. సైకిల్ ఒక పక్కకు ఒరిగింది. గబగబా రెండు తొక్కులు తొక్కి నిలదొక్కుకున్నాడు. చర్చి చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండో కాలు ప్రయత్నించాడు. అదీ రాలేదు.

కొట్టు గుమ్మంలో నిలబడ్డ రొట్టెలమ్మే అల్ఫోన్సీన్ అతను మూడోసారి తన ముందునుంచి పోవడం చూసి, "ఏం కావాలి రెంబెర్ట్?" అని కేకేసింది.

"కాళ్ళు రావడం లేదు," అని అరిచి, మలుపు తిరిగిపోయాడు.

అల్ఫోన్సీన్ కాసేపు ఆలోచించింది. తరవాత లోపలికెళ్ళి వీర్లెకు ఫోన్ చేసింది. "కంగారుపడకు వీర్లె. మీ ఆయనకి కాళ్ళు పడిపోయాయట."

"అయ్యో, ఎక్కడున్నాడు?"

"అదే తెలియట్లేదమ్మా. మహా స్పీడుగా వెళ్తున్నాడు."

ఆ రోజు ఊళ్ళో తిరనాళ్ళు. మధ్యాహ్నం సైకిల్ పందెం ఉందని రెంబెర్ట్‌కి తెలుసు. పొద్దున ఇంకో పందెం ఉందని తెలియదు. పట్టుకోవడానికి ఏదైనా ఆసరా దొరక్కపోతుందా అని అతను సందులోకి తిరిగాడు. సందు చివర రోడ్డుకి అడ్డంగా ఇనప కటకటాలు కనిపించాయి. అమ్మయ్య అనుకుని వాటి వైపు చెయ్యి చాచాడు. అక్కడ ఎర్ర జెండాతో నిలబడ్డ మనిషి ఆ పసుప్పచ్చ చొక్కాని చూసి, గబగబా కటకటాన్ని పక్కకు లాగేశాడు.

"ఇటు, ఇటు. వెనకపడ్డావు. తొక్కు."

"బాబూ, నన్ను కాస్త పట్టుకోండి."

"నేను పట్టుకుంటే నీకే నష్టమయ్యా. తొక్కు, తొక్కు."

ఒక తోపు తోశాడు. ఆ తోపుకు రెంబెర్ట్ రోడ్డు మీదికొచ్చిపడ్డాడు. ఇటూ అటూ కటకటాలే, వాటి వెనక జనం చప్పట్లు. ఇంతలో వెనకనుంచి తేనెటీగల రొదలాంటి చప్పుడు వినిపించింది. ముప్పై నలభై సైకిళ్ళు అతన్ని మింగేశాయి. అందరివీ తెల్ల జుట్లే. కాళ్ళు మాత్రం మర్రి ఊడల్లా ఉన్నాయి. పక్కనే వస్తున్న ఒక బుర్రమీసాలాయన తల తిప్పి చూశాడు.

"ఏ క్లబ్బు?"

"నేను రొట్టెల కోసం వచ్చానండి."

"రొట్టెలవాళ్ళు కూడా జట్టు పెట్టారా? మంచిదే." ఆయన కిందికి చూశాడు. "ముందర స్ప్రింగులేమిటి?"

"విప్పడం తేలలేదండి."

"తెలివైనవాడివి. రాళ్ళదారిలో నీకే పనికొస్తాయి," అని ఆయన ముందుకెళ్ళిపోయాడు.

ఊరి వెనక గుట్ట మీదికి ఎక్కే ఆ రాళ్ళదారి రెంబెర్ట్‌కి తెలుసు. మోకాలి నొప్పుల వల్ల దాన్ని నడిచి కూడా ఎక్కడు. ఎవర్ని సాయమడగాలా అని బిక్కమొహంతో ముందుకు చూసేసరికి, గుంపు మధ్యలో ఒక వీపు కనిపించింది. ఎర్ర ఊలు చొక్కా, ఎడమ భుజం కాస్త కిందికి. ఆ వీపుని అతను ఎన్నో ఆదివారాలు కిటికీ ముందు చూశాడు. ఈ సమయానికి ఆ వీపు చర్చిలో ప్రార్థనలో ఉండాలి. ముసలాయన కూతురితో చెప్పింది అదే.

"మామయ్యగారూ," అని పిలిచాడు రెంబెర్ట్, ప్రాణం లేచొచ్చి.

ఓడీల్ వెనక్కి తిరిగాడు. అల్లుణ్ణి చూశాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. మరుక్షణం సీటు మీంచి లేచి, గుంపుని చీల్చుకుంటూ దూసుకుపోయాడు.

రెంబెర్ట్‌కి అర్థం కాలేదు. తనకు దిగడం చెప్పగలిగిన మనిషి పారిపోతున్నాడన్నది మాత్రం తెలిసింది. పంటి బిగువున తొక్కి, రొప్పుతూ వెనకే వెళ్ళాడు.

"వీర్లె పంపిందా నిన్ను?" అని తల తిప్పకుండానే అరిచాడు ఓడీల్.

"కాదండీ. ఒక్క మాట. ఒక్కసారి నెమ్మదించండి."

"నెమ్మదించమని చెప్పమందా? నెమ్మదించనని చెప్పు."

మైకు పట్టుకుని పందెం వర్ణిస్తున్నవాడికి సంబరం ఆగలేదు. "ఓడీల్ గుంపునుంచి విడిపోయాడు. వెనకే పసుప్పచ్చ చొక్కా. నంబరు ఊడిపోయినట్టుంది. ఎవరైనా సరే, మొండిఘటం," అని ఊరంతా వినబడేలా చెప్పాడు.

గుట్ట వచ్చింది. వందల ఏళ్ళుగా అరిగిన గుండ్రాళ్ళు పరిచిన నిటారు దారి. పలుచని సైకిళ్ళన్నీ వాటి మీద పళ్ళు కొరికినట్టు కటకటలాడాయి. మీసాలాయనతో సహా చాలామంది సగంలో దిగి, సైకిళ్ళు నెట్టుకుంటూ నడిచారు. వాళ్ళను చూసి రెంబెర్ట్‌కి కన్నీళ్ళొచ్చినంత పనయింది. దిగగలిగిన మనుషులు ఎంత అదృష్టవంతులో అతనికి ఆ రోజే తెలిసింది. అతను ఆగితే పడతాడు, పడితే రాళ్ళ మీదే పడతాడు. అందుకని ఆగలేదు. ముందున్న స్ప్రింగులు కుదుపులన్నీ మింగుతూ కిర్రుమంటుండగా, కళ్ళు బైర్లు కమ్ముతున్నా తొక్కుతూనే ఉన్నాడు. గుట్ట నెత్తికి చేరేసరికి ఎర్ర చొక్కా అతని పక్కనే ఉంది.

ఓడీల్ అతన్ని ఎగాదిగా చూశాడు. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ.

"మామయ్యగారూ, దిగడం ఎలాగో చెప్పండి," అన్నాడు రెంబెర్ట్ దీనంగా.

ఎదురుగా రోడ్డు ఊళ్ళోకి జారుతోంది. ఓడీల్ ఒకసారి రోడ్డుకేసీ, ఒకసారి అల్లుడికేసీ చూశాడు. పారిపోతున్నవాడే అయినా, ఇంతకాలానికి అల్లుడు అడిగిన మొదటి సైకిల్ ప్రశ్న అది. వదులుకోలేకపోయాడు.

"దిగడంలో ఏముందోయ్. చేతులు హ్యాండిల్ కిందికి. నడుం వెనక్కి. గడ్డం ముందుకి. బ్రేకు మాట మరిచిపో."

"మరిచిపోతే దిగుతానా?"

"నీకన్నా వేగంగా ఎవడూ దిగడు."

మామగారి మాట మీద రెంబెర్ట్‌కి గురి ఎక్కువ. చేతులు కిందికి పెట్టాడు, నడుం వెనక్కి జరిపాడు, గడ్డం చాపాడు. రెండు పక్కల చెట్లు కలిసిపోయి ఒకటే పచ్చ గోడయ్యాయి. కాళ్ళు ఇంకా పెడల్స్‌కే ఉన్నాయి. ఇది దిగడానికి సిద్ధం కావడమేమో, చివర ఏదో జరుగుతుందేమో అని ఎదురుచూశాడు. చివర జరిగిందల్లా ఊరు రావడం. జనం హోరు, పైన తోరణం, రోడ్డుకి అడ్డంగా తెల్లగీత. ఓడీల్ ఒక చక్రం ముందుగా గీత దాటాడు. రెంబెర్ట్ ఆయన వెనకే దాటి, ఎదురొచ్చిన నలుగురు మనుషుల్లోకి నేరుగా వెళ్ళాడు. వాళ్ళు అతన్ని సైకిల్‌తో సహా పట్టుకుని నిలబెట్టారు. వదలకండి, వదలకండి అని అతను వాళ్ళను బతిమాలుకున్నాడు. తమ మీద అభిమానం కాబోలనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

జనాన్ని తోసుకుంటూ వీర్లె వచ్చింది. వంటింటి ఏప్రన్ ఇంకా నడుముకే ఉంది.

"కాళ్ళు పడిపోయాయన్నారు," అంది భర్త కాళ్ళకేసి చూసి. తరవాత చూపు ఎర్ర చొక్కా మీదికి మళ్ళింది. గొంతు మారింది. "నాన్నా."

రెంబెర్ట్ జరిగింది చెప్పడానికి నోరు తెరిచాడు. ఓడీల్ ముందే అందుకున్నాడు.

"ఏం చెయ్యమంటావమ్మా. మీ ఆయన పందెంలో చేరాడని చర్చి గుమ్మంలో తెలిసింది. ఎప్పుడూ సైకిలెక్కని మనిషి, ఎక్కడ పడతాడో ఏమో. నా మనసు ఊరుకుంటుందా? తోడుగా వెళ్ళాను."

"నంబరు నీ చొక్కాకుంది నాన్నా."

"ఉత్తినే రోడ్డెక్కనివ్వరుగా."

వీర్లె భర్తవైపు తిరిగింది. అతని ఒంటి మీద పందెం చొక్కా, కింద పందెం బూట్లు, వాటికింద ఇన్నాళ్ళూ వాయిదాల మీద తయారైన సైకిల్. సాక్ష్యం అంతా ఒక పక్కకే ఉంది. "ఈ వయసులో నీకిదేం బుద్ధి రెంబెర్ట్? గుండెజబ్బు మనిషి నీ వెనక పరిగెత్తాలా?"

"ముందండీ," అన్నాడు రెంబెర్ట్. ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా మరిచిపోయాడు. "ఆయన ముందున్నారు."

ఆ మాట అంటూ మామగారికేసి చూశాడు. ఓడీల్ మొహం ఎర్రగా, తడిగా, రెండేళ్ళుగా ఎవరూ చూడనంత జీవకళతో ఉంది. కాని కళ్ళల్లో భయం ఉంది. ఆ భయం కూతురి గురించి కాదు, మళ్ళీ ఆ కిటికీ ముందు కుర్చీ గురించని రెంబెర్ట్‌కి తోచింది. పొద్దున్నుంచీ అతనికి స్పష్టంగా అర్థమైన సంగతి అదొక్కటే.

"తప్పు నాదే," అన్నాడు. "చెప్పకుండా చేరాను."

ప్రథమ చికిత్స ఆవిడ వచ్చి ఓడీల్ నాడి చూసింది. బాగుందంది. రెంబెర్ట్ నాడి చూసి, ఈయన్ని కాసేపు కూర్చోబెట్టండి అంది. కూర్చోబెట్టడానికి లాగితే సైకిల్ కూడా వచ్చింది. వీర్లె ఒక క్షణం చూసి, వంగి, భర్త మడమ పట్టుకుని బయటికి తిప్పింది. టక్కుమని ఊడింది. రెండోదీ తిప్పింది. రెంబెర్ట్ రోడ్డు మీద చతికిలబడి, విడిపోయిన తన రెండు పాదాలనూ తడిమి చూసుకున్నాడు.

వీర్లె తండ్రినీ, భర్తనూ మార్చి మార్చి చూసింది. ఎవరు ఎంత అబద్ధమాడారో ఆమెకు తెలిసిందో లేదో మొహం బట్టి చెప్పడం కష్టం. "డాక్టర్ని అడుగుతాను," అంది చివరికి. "ఆయన సరేనంటే నాన్న సైకిలెక్కచ్చు. ఒంటరిగా మాత్రం వద్దు. ఎక్కినప్పుడల్లా రెంబెర్ట్ పక్కన ఉండాలి. వానైనా, మంచైనా."

ఓడీల్ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "స్ప్రింగులు విప్పించెయ్," అన్నాడు. ఆయన ప్రేమగా మాట్లాడితే అలాగే ఉంటుంది.

పందెం పెద్దమనిషి పూలగుత్తి, పతకం పట్టుకుని వచ్చాడు. డెబ్బై దాటినవాళ్ళ విభాగంలో రెండో స్థానం అని చెప్పి, పతకం రెంబెర్ట్ మెడలో వేశాడు. రెంబెర్ట్ కంగారుగా లేవబోయాడు.

"అయ్యా, పొరపాటు. నాకు నలభై తొమ్మిదే."

పెద్దమనిషి అతన్ని తీరిగ్గా, తల మీంచి కాళ్ళదాకా చూశాడు.

"ఇక్కడ అందరూ అదే చెప్తారండీ," అన్నాడు.