అరవై చీరలు, ఒక కదిరప్ప

అరవై పట్టుచీరల ఫోటోలు బెంగళూరుకు పంపేసి, తొమ్మిదిన్నరకల్లా మగ్గంలో కూర్చోవాలని ఓబిలేష్ అనుకున్నాడు. అక్కడ చీరల అంగడి నడిపే గంగాధరప్ప, పెళ్లిళ్ల సరుకు ఎవరి దగ్గర కొనేదీ పదింటికి తేల్చేస్తానన్నాడు. ఈ బేరం తప్పితే ఏడాది కష్టమంతా బీరువాలో పడి ఉండాల్సిందే.

ధర్మవరంలో ఒక డిజైన్ పొద్దున బయటపడితే సాయంత్రానికి పక్క వీధి మగ్గం మీద ఉంటుంది. అందుకే ఫోటోల్లో చీర వెనకున్న గోడ చెరిపేయడానికి ఓబిలేష్ నెట్‌ను నమ్మలేదు. నెట్ లేకుండా పనిచేసే ప్రోగ్రాం ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు. నల్ల తెర మీద ఒక్క లైను కమాండ్ కొడితే, ఫోల్డర్ మొత్తంలో వెనకున్నది తీసేసి ముందున్నది ఉంచుతుంది. ఆ ఒక్క లైనూ తలుపు గడియపెట్టి మరీ కొట్టాడు మహానుభావుడు.

"పంపేముందు ఫోటోలు ఒకసారి తెరిచి చూడు" అంది భార్య సువర్ణ.

"తెరిస్తే కిటికీలోంచి ఎవడన్నా చూస్తాడు" అని అట్లాగే పంపించేశాడు.

అయిదు నిమిషాల్లో ఫోన్ మోగింది. "ఏమప్పా, చీరలు యాడ?" అన్నాడు గంగాధరప్ప.

"ఇంట్లోనే భద్రంగా ఉండాయన్నా."

"ఎవరికన్నా చూపించినావా?"

"మా అమ్మ మీద ఒట్టు. నరమానవుడికి చూపించలేదు."

గంగాధరప్ప ఫోన్ పెట్టేశాడు. అనుమానం వచ్చి సువర్ణ ఫోల్డర్ తెరిచింది. ఒక్క ఫోటోలోనూ చీర లేదు. అరవై ఫోటోల్లోనూ బనియన్‌తో, చేతులు బారచాపి ఓబిలేష్ నాన్న కదిరప్ప ఉన్నాడు. ఫోటోలు తీసేటప్పుడు, "నేసింది నేను. ఫోటోలో నేనుండొద్దా?" అని గోడకు వేలాడదీసిన ప్రతి చీర ముందూ నిలబడ్డాడాయన. ప్రోగ్రాం ముందున్న మనిషిని ఉంచి, గోడతో పాటు చీరనూ చెరిపేసింది.

"చీరలు తీసేసి మామను పంపినావు కదయ్యా" అంది సువర్ణ.

ఓబిలేష్ వెంటనే గంగాధరప్పకు ఫోన్ చేసి, "అన్నా, తప్పయిపోయింది" అన్నాడు.

"తప్పేముండాదప్పా? డిజైన్ ఊరంతా పంచి, నీకొక్కడికే అని చెప్పేవాళ్లనే చూసినా ఇన్నేళ్లు. నువ్వు కొనేవాడికి కూడా చూపించలా. అరవై నాకే. ఇంకెవరికీ చూపించొద్దు."

నిజం చెప్పబోయిన ఓబిలేష్ నోటిని సువర్ణ చేత్తో మూసేసింది.

చూడని చీరలన్నీ అమ్ముడుపోయినా, కనబడిన మనిషి గురించి గంగాధరప్ప ఒక్క మాట కూడా అడగలేదని కదిరప్ప రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.