ఫాదర్‌గారి అంగీ దిగేదాకా

ఆ పొద్దున్న పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, టెండరు ప్రకటనలతో సహా కూర్చుని చదవాలని నీళ్ళాయన పథకం వేసుకున్నాడు. కిందటి నెల దాకా ఆయన నీటి సరఫరా శాఖలో పంపు ఆపరేటరు. ఊరికి నీళ్ళు వదిలే మనిషి కాబట్టి వీధిలో అందరూ నీళ్ళాయనే అనేవాళ్ళు. ఆదివారాలు కూడా డ్యూటీయే, ఎందుకంటే ఆదివారం అని జనం దాహం మానుకోరు. రిటైరయ్యాక హాయిగా కూర్చోవడం ఒక్కటే ఆయన పెట్టుకున్న పని.

పేపరు మడత విప్పకముందే ఆ పథకం నీరుగారిపోయింది.

"లేవండి. మధ్యాహ్నం దాకా నిలబడాలి," అంది భార్య.

ఆవిడ చర్చి గురువుల పూజా వస్త్రాలు ఇంట్లోనే కుడుతుంది. అత్తగారి మిషనుతోపాటు అత్తగారి పనితనం కూడా ఆవిడకి వచ్చింది. అత్తగారి నోరు కూడా వచ్చిందని నీళ్ళాయన అనుకుంటాడు గాని పైకి అనడు. ఇప్పుడు చేతిలో ఉన్నది కొత్తగా వచ్చే ఫాదర్‌గారి పై అంగీ. తెల్ల పట్టు, బంగారు జరీ అంచు. అర్ధచంద్రంలా కోసే ఈ బట్ట, నేత ఏటవాలుగా పడ్డచోట తన బరువుకు తానే సాగి కిందికి దిగుతుంది. దిగనివ్వకుండా అంచు మడిచి కుట్టేస్తే, నెల తిరిగేసరికి ఒకవైపు మోకాలి దగ్గరా ఇంకోవైపు మడమ దగ్గరా వేలాడుతుంది. అందుకని ముందు ఒక పూటంతా భుజాల మీద వేలాడదీసి, దిగాల్సినంతా దిగాక అప్పుడు అంచు కత్తిరిస్తారు. ఈ పనికి ఇంట్లో ఒక కొయ్య బొమ్మ ఉంది. దాని భుజం విరిగింది.

ఫాదర్‌గారి కొలతలు ఆయన ఇదివరకున్న చర్చివాళ్ళు ఫోనులో చెప్పారు. ఎత్తు, భుజాలు, మెడ, అన్నీ అంగుళం తేడా లేకుండా నీళ్ళాయనవే. "దేవుడు ఇద్దర్నీ ఒకే తానులోంచి కోశాడు," అనుకుని ఆవిడ భర్తకి మొదట లోపలి పొడవాటి తెల్ల అంగీ, దాని మీద పట్టు అంగీ తొడిగింది. రెండూ ఒకదానిమీద ఒకటి కదలకుండా చుట్టూ గుండుసూదులు పెట్టింది. ఇక ఆయన తనంతట తాను విప్పుకోవడం జరిగే పని కాదు.

"మధ్యాహ్నం లోపల చర్చి కమిటీ కన్వీనరు చూడ్డానికొస్తాడు," అంది నోట్లో సూదుల మధ్యనుంచే. "కొత్తగా ఎన్నికయ్యాడు కదా, ఏదో ఒకటి మార్చాలని ఉంది ఆయనకి. రెడీమేడ్ వస్త్రాల బొమ్మలు ఫోన్లో పెట్టుకుని చర్చంతా తిరుగుతున్నాడు. ఇందులో కాస్త వంక దొరికితే చాలు, ఇంక మనింటికి చర్చి కుట్టు రాదు. మీ అమ్మ మిషను మీద గుడ్డ కప్పేసి కూర్చోవాల్సిందే."

ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. అది నీళ్ళాయనకి కొత్త. ఆయన పేపరు వైపు చూడటం మానేసి నిటారుగా నిలబడ్డాడు.

జరీ దారం కండె అయిపోవడంతో ఆవిడ చెప్పులు వేసుకుంది. "ఇప్పుడే వస్తా. కూర్చోకండి. చేతులు ఎత్తకండి. ఎవరేమడిగినా సరే అనకండి."

"సరే," అన్నాడు నీళ్ళాయన.

ఆ మూడోది ఆయన వల్ల కాదని ఆవిడకి తెలుసు. ఆయనకి మొహమాటం. పొరుగువాళ్ళ పెళ్ళిలో ఎవరో బంధువనుకుని పిలిస్తే ఫొటోలో నిలబడ్డ మనిషి. బస్సులో తన సీటు ఇచ్చేసి, అవతలివాడు బాధపడతాడేమోనని దిగాల్సిన చోటుకి ముందే దిగి నడిచొచ్చిన మనిషి. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది గాని, అది పూజా వస్త్రాల దగ్గర చెప్పుకునేది కాదు.

ఆవిడ వెళ్ళిన కాసేపటికి మెట్ల మీద పెద్ద చప్పుడయింది. పైవాటాలోకి కొత్తగా దిగుతున్నవాళ్ళు ఇనప బీరువా ఎక్కిస్తున్నారు. "కాస్త ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి బాబూ," అని ఒక ముసలి గొంతు వినబడింది. పిలిచాక పలక్కపోతే బాగుండదు. ఈ రోజు చెయ్యి వెయ్యడం కుదరదని మర్యాదగా చెప్పి వచ్చేద్దామని నీళ్ళాయన తలుపు తీసి బయటికొచ్చాడు. వెనకాల గాలికి తలుపు పడింది. అది పడితే దానంతటదే తాళం పడే తలుపు. తాళం చెవి లోపల, పేపరు మీద ఉంది.

బీరువా కింది మెట్ల నుంచి పైకి వస్తోంది. పైన కొడుకు లాగుతున్నాడు, కింద నీలం చొక్కా వేసుకున్న ఒకాయన భుజం పెట్టి తోస్తున్నాడు. ఆ కొడుకు తల్లి, పెద్దావిడ, గుమ్మం ముందు నిలబడి ఇద్దర్నీ నడిపిస్తోంది. ఆవిడ తల తిప్పి నీళ్ళాయనని చూసింది. తెల్ల జుట్టు, నున్నగా గీసిన గడ్డం, నిలువెల్లా పట్టు, అంచున బంగారం. ఆవిడ చేతులు జోడించింది.

"వచ్చారా ఫాదర్. ఇంటిని దీవించడానికి పంపుతామని చర్చివాళ్ళు చెప్పారు గాని, ఇలా నిండుగా వస్తారనుకోలేదు."

"నేను ఫాదర్‌ని కాదమ్మా," అన్నాడు నీళ్ళాయన. "ఈ వాటాలో ఉంటాను."

"మా పాత ఫాదర్ కూడా ఇంతే. నేనెంతటివాణ్ణమ్మా అనేవారు. పదండి పదండి."

కింద నీలం చొక్కాయన ఏదో అనబోయాడు. "నువ్వు మాట్లాడకు నాయనా, పట్టు జారుతుంది," అంది పెద్దావిడ. ఆయన నోరు మూసుకుని తోశాడు. బీరువా ఒక మెట్టు ఎక్కింది. దాని తుప్పు అంచు పట్టుకి బెత్తెడు దూరంలోకి వచ్చింది. కిందికి దారి బీరువా మూసేసింది, పక్కకి గోడ, గోడకి సున్నం. నీళ్ళాయన ఒక మెట్టు పైకి వెనక్కి వేశాడు. బీరువా ఇంకో మెట్టు ఎక్కింది. అలా బీరువా తరుముతుంటే మెట్టు మెట్టుకీ వెనక్కి నడుస్తూ, అంగీని కాపాడుకుంటూ ఆయన పైవాటాలో తేలాడు.

కుర్చీ వేశారు. "కూర్చోకూడదు," అన్నాడు. పెద్దావిడ కొడుకు వైపు చూసి, "మొక్కేమోరా," అంది. టీ తెచ్చారు. తెల్ల పట్టు మీద టీ చుక్క పడితే ఇంటికెళ్ళి ఏ మొహం చూపించాలో తలుచుకుని నీళ్ళాయన రెండడుగులు వెనక్కి గెంతాడు. "ఉపవాసం కూడా," అంది పెద్దావిడ మరింత గౌరవంగా.

"ఇక దీవించండి ఫాదర్."

"అమ్మా, నిజంగా చెబుతున్నాను, నేను నీళ్ళ డిపార్టుమెంటు."

"అందరం ఆ నీళ్ళతో జ్ఞానస్నానం పొందినవాళ్ళమే కదండీ," అని ఆవిడ మోకరించింది. కొడుకూ మోకరించాడు. బీరువా దించి చెమట తుడుచుకుంటున్న నీలం చొక్కాయన కూడా అటూ ఇటూ చూసి మోకరించాడు.

ముసలామె మోకాళ్ళ మీద ఉండగా ఇంకా కాదు కాదు అనడం నీళ్ళాయనకి చేతకాలేదు. చేతులు ఎత్తకూడదు కాబట్టి తల వంచాడు. ఆదివారాలన్నీ పంపుహౌసులో గడిచాయి కాబట్టి ప్రార్థనలు పెద్దగా రావు. తనకి తెలిసిన మంచి మాటలే చెప్పాడు. "ఈ ఇంటికి రోజూ నీళ్ళు రావాలి. పై అంతస్తు దాకా ఒత్తిడి ఉండాలి. ట్యాంకు నిండాలి, పొంగకూడదు. కుళాయిలు కారకూడదు."

"ఆమెన్," అన్నాడు నీలం చొక్కాయన అందరికంటే ముందు.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. పాత ఇంట్లో బిందెలు మోసి మోసి ఆవిడ నడుం పోయింది. ఏ ఫాదరూ ఇంత అర్థమయ్యేలా దీవించలేదంది. వెంటనే బీరువా ఎక్కడ పెట్టాలో కూడా ఆయన్నే అడిగింది. కిటికీ పక్కన పెట్టాలని ఆవిడ, తలుపు వెనక పెట్టాలని కొడుకు. "రెండూ బాగానే ఉంటాయి," అన్నాడు నీళ్ళాయన. దాంతో బీరువా ముందు కిటికీ దగ్గరికి, తర్వాత తలుపు వెనక్కి, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. మోసింది నీలం చొక్కాయనే. మధ్యమధ్య భుజం రుద్దుకున్నాడు.

ఈలోగా కన్వీనరు వచ్చాడు. కింద తలుపు కొట్టి కొట్టి, పైన ఫాదర్‌గారున్నారని విని మెట్లెక్కాడు. ఆయన నీళ్ళాయనని ఎన్నడూ చూడలేదు. కొత్త ఫాదర్‌నీ చూడలేదు. పట్టు అంగీ చూడగానే ఫోను జేబులో పెట్టేసి వంగి దణ్ణం పెట్టాడు.

"ముందే వచ్చేశారా ఫాదర్? అంగీ కూడా వేసేసుకున్నారు. ఎలా ఉంది, సుఖంగా ఉందా?"

అబద్ధం చెప్పడం నీళ్ళాయనకి రాదు. అప్పుడే నడుం దగ్గర గుండుసూది ఒకటి దిగింది. "గుచ్చుకుంటోందండి," అన్నాడు.

కన్వీనరు మొహం వెలిగిపోయింది. ఫోను మళ్ళీ బయటికొచ్చింది. "నేను మొదట్నుంచీ అదే అంటున్నాను ఫాదర్. ఇంట్లో కుట్టినవి ఇంట్లోలాగే ఉంటాయి. ఈ రెడీమేడ్ చూడండి. గుచ్చుకోదు, నలగదు, ఉతికి ఆరేస్తే చాలు. మీరు ఊ అంటే ఇప్పుడే ఆర్డరు పెడతాను. ఇకమీదట అన్నీ ఇక్కడే. సరేనా?"

ఊ అనడం నీళ్ళాయనకి ఊపిరి పీల్చినంత తేలిక. నోటిదాకా వచ్చింది కూడా. కాని పొద్దున భార్య గొంతులో విన్న భయం గుర్తొచ్చింది, నోట్లో సూదులు పెట్టుకుని చెప్పిన మాట. తను ఊ అంటే అమ్మ మిషను ఆగిపోతుంది. మొహమాటం కాసేపు ఎటో వెళ్ళింది.

"వద్దు," అన్నాడు. జన్మలో ఆ మాట ఇంత గట్టిగా అనలేదు. ఎలా అనాలో తెలియక చెయ్యి కూడా ఎత్తాడు. "రెడీమేడ్ వద్దు. ఇంట్లో కుట్టిందే కావాలి."

సూదులు రెండు ఎగిరి బీరువాకి తగిలి ఖంగుమన్నాయి. గుమ్మంలోంచి భార్య గొంతు వినబడింది. "ఏవండీ, చెయ్యి దించండి."

కన్వీనరు ఆవిడ్నీ ఫాదర్‌నీ మార్చి మార్చి చూశాడు. "ఫాదర్‌గారిని ఏవండీ అంటావేమిటమ్మా?"

"పెళ్ళయినప్పట్నుంచీ అలాగే అంటున్నాను," అంది ఆవిడ దారం కండె చేతిలో పట్టుకుని.

పెద్దావిడ ఫాదర్‌కి వేసిన కుర్చీలో తనే కూలబడింది. విషయం బయటపడ్డాక కన్వీనరు మామూలుగా లేడు. పూజా వస్త్రాలు వేసుకుని ఇంటింటికీ తిరుగుతారా అన్నాడు, కమిటీలో పెడతానన్నాడు, ఆర్డరు ఇప్పుడే, ఈ క్షణమే అన్నాడు. ఆవిడ భర్త పక్కకి వచ్చి సూది ఊడిన చోట బట్ట సరిచేసింది. నీళ్ళాయనకి ఆవిడ మొహం వంక చూడబుద్ధి కాలేదు.

"కన్వీనరుగారూ, ఆ ఫోను కాసేపు ఆపండి," అన్నాడు బీరువా పక్కనుంచి నీలం చొక్కాయన.

"మధ్యలో నువ్వెవరయ్యా?"

"ఆ అంగీ నాదండి."

ఈసారి కుర్చీ కొడుక్కి కూడా కావాల్సి వచ్చింది. కొత్త ఫాదర్ ఒకరోజు ముందే దిగాడు. ఇల్లు దీవించమంటే మామూలు చొక్కాలోనే వచ్చాడు. "ఫాదర్‌నని చెబుదామనే వచ్చాను. మెట్ల దగ్గరే పెద్దమ్మగారు బీరువా పట్టుకోమన్నారు. పెద్దవారు అడిగాక కాదంటే బాగుండదని పట్టుకున్నాను. తర్వాత ఈయన వచ్చారు. అంత నిండుగా ఉన్న మనిషి పక్కన నేనే ఫాదర్‌నంటే ఏం బాగుంటుంది?"

"దీవెన చెల్లుతుందా అయితే?" అంది పెద్దావిడ. ఆవిడ బెంగ ఆవిడది.

"నీళ్ళ సంగతి ఆయనకే బాగా తెలుసు. నేను ఆమెన్ అన్నాను కదమ్మా." తర్వాత కన్వీనరు వైపు తిరిగాడు. "నిజం చెప్పాలంటే, మీరు రెడీమేడ్ అని అడిగుంటే నేను సరేననేవాణ్ణి. నాకు కాదనడం రాదు. ఈయన ఎంత తేలిగ్గా అనేశారో చూశాక ధైర్యం వచ్చింది. వద్దండి. నా బట్టలు ఈవిడే కుడతారు."

కన్వీనరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. చేత్తో కుట్టినదానికున్న అందమే వేరని తాను ముందునుంచీ అంటూనే ఉన్నానని కూడా అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆవిడ మాత్రం అంచు దగ్గర కూర్చుని చూసి పెదవి విరిచింది. బట్ట ఇంకా దిగాలి. పైగా ఆ భుజాల మీద ఇప్పుడు దించాల్సిన అవసరమేముంది, అసలు భుజాలు ఎదురుగా ఉన్నాయి కదా. భర్త మీంచి అంగీ తీసి ఫాదర్ మీద వేసి, సూదులు నోట్లో పెట్టుకుంది. బీరువా మోసిన భుజం కొంచెం వాలి ఉంది. దాన్ని రెండు చేతులతో పైకి నొక్కింది.

"కూర్చోకండి ఫాదర్. చేతులు ఎత్తకండి. కొద్దిసేపే."

"సరేనమ్మా," అన్నాడు కొత్త ఫాదర్.

ఫాదర్‌గారు ఆ పూట భోజనం నిలబడే చేశారు, కన్వీనరు కలిపి పెడితే.