తొమ్మిదో గుండీ

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికి పిల్లికి మాత్ర, తొమ్మిదింటికి పిల్లికి తిండి, పదింటికి హోటలు దర్వానుకు కోటు. ఈ మూడింటిలో మూడో పని గురించి అతనికి బెంగ లేదు. ముప్పై ఏళ్లుగా మనుషులకు కోట్లు తొడుగుతున్నాడు. వాళ్లలో ఎవరూ కరవలేదు.

పిల్లి పేరు కండె. ఎనిమిదేళ్ల కిందట గుడ్డపీలికల బుట్టలో, అచ్చం దారపుకండెలా చుట్టుకుని కనిపించింది. ఆ రోజు నుంచి కటింగు బల్ల మీద దాని చోటు దానిదే. అతను సుద్దతో గీత గీస్తే అది తోకతో చెరిపేది. అతను టేపు సాగదీస్తే అది రెండో కొస పట్టుకునేది. దర్జీ మితభాషి. రోజు మొత్తంలో అతను మాట్లాడే మాటల్లో సగం కొలతలు, మిగిలిన సగం కండెతో.

అలాంటి కండె నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదు. పేగుల్లో వాపు, దానివల్ల వికారం అని డాక్టరమ్మ తేల్చింది. "ఈ చిన్న మాత్ర వికారానికి. లోపలికి వెళ్లిన గంటకో రెండు గంటలకో ఆకలి పుడుతుంది. అప్పుడు గోరువెచ్చగా ఏదైనా పెట్టండి" అంది మొదటి రోజు. "రేపు సాయంత్రంలోగా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలి. దీని వయసుకి, ఈ బరువుకి, అది తట్టుకుంటుందని నేను మాటివ్వలేను" అంది నిన్న. దర్జీ ఇంటికొచ్చి కండె నడుముకు టేపు చుట్టి చూశాడు. వారంలో అంగుళమున్నర తగ్గింది. ఆ అంకెను అతను ఎవరికీ చెప్పలేదు.

లోపం మందుది కాదు, మందు దాచిన తీరుది. మాత్రను కోడిమాంసంలో పెట్టారు. కండె మాంసం నాకి మాత్రను పళ్లెంలో శుభ్రంగా వదిలేసింది. రెండోసారి మాంసాన్నే వదిలేసింది. తర్వాత చేపలో పెట్టారు, చేప పోయింది. మీగడలో పెట్టారు, మీగడ పోయింది. ఒక్కొక్క మాత్రా ఒక్కొక్క రుచిని చంపుకుంటూ వచ్చి, చివరికి దర్జీ చేతిదాకా వచ్చింది. ఇప్పుడు అతని నీడ పడితే చాలు, కండె బల్ల దిగి మిషను కిందికి పోతోంది. ఆకలి కన్నా అదే అతనికి ఎక్కువ బాధగా ఉంది. మోసం చేసింది బతికించడానికే కావచ్చు. కాని మోసపోయినవారికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

అందుకే నిన్న మధ్యాహ్నం అతను తనకు తెలిసిన ఒకే ఒక్క భాషలో ఆలోచించాడు. మెత్తని అస్తరు గుడ్డతో కండెకు ఒక చొక్కా కుట్టాడు. ముందరి కాళ్లు లోపల ఒదిగిపోతాయి, తల బయట ఉంటుంది, పొట్ట కింద నాడాలు. ఇక దాచడాలు, దొంగతనాలు లేవు. ఎదురుగా చూపించి, నోరు తెరిపించి, మాత్ర నాలుక మీద వేయడమే. చొక్కా చక్కగా కుదిరింది. కండె అర నిమిషంలో నాడాలు విప్పుకుని బయటికి నడిచింది.

ఆ దుకాణంలో ఒక కట్టడి ఉంది. కత్తిరించడం, కుట్టడం దర్జీ పని. గుండీలు, కాజాలు, చేతికుట్టు భార్య పని. ముప్పై ఏళ్లలో అతను ఒక్క గుండీ కుట్టలేదు, ఆమె కత్తెర పట్టలేదు. మర్నాటికి కావలసినవన్నీ ఆమె సాయంత్రమే గుండీల డబ్బా మూతలో సర్దిపెట్టేది. నిన్న సాయంత్రం ఆ మూతలో దర్జీ కళ్లారా చూసినవి రెండే: కండెకు ఒక మాత్ర, దర్వాను కోటుకు ఒక ఇత్తడి గుండీ. హోటలువాళ్లు తొమ్మిది గుండీలు ఇచ్చారు. ఎనిమిది కోటు మీదికి. ఒకటి ఊడితే పనికొచ్చేందుకు తొమ్మిదోది లోపలి జేబు పక్కన.

ఉదయం దర్జీ ముందుగదిలో కోటుకు ఇస్త్రీ చేస్తుండగా, భార్య కండెకు చొక్కా తొడిగి తన తల్లి ఒడిలో పెట్టి, కుట్టిన కర్టెన్లు ఇచ్చిరావడానికి బయల్దేరింది. "అమ్మా, మాత్ర మూతలో ఉంది. తిండి తినేదాకా చొక్కా విప్పకు" అని గుమ్మంలోంచి చెప్పింది. ఎనిమిదింటికి లోపలి నుంచి అత్తగారి విజయనాదం వినబడింది.

"మింగింది అల్లుడుగారూ! నా కళ్లతో చూశాను, గుటకేసింది!"

దర్జీ పరుగున వెళ్లాడు. చొక్కా బిగువుగా, ముడత లేకుండా ఉంది. నిన్న విప్పుకున్న పిల్లి నేడు విప్పుకోలేకపోవడం చూసి అతనికి తన కుట్టు మీద కొత్తగా గౌరవం కలిగింది.

ఆ గౌరవం తొమ్మిది దాటి నిలవలేదు. దర్వాను గంట ముందే వచ్చాడు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, గొంతు మాత్రం పసిపిల్లవాడిది. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని, లోపలి జేబు తడుముకుని, "మాస్టారూ, తొమ్మిదోది ఏదీ?" అన్నాడు. "మా సూపర్‌వైజరుకు ఎనిమిది గుండీలు చూపిస్తే తొమ్మిదోది అడుగుతాడు. అదో రకం మనిషి లెండి."

"మూతలో ఉంది" అంటూ దర్జీ లోపలికెళ్లాడు. మూతలో గుండీ లేదు. మాత్ర ఉంది.

అతను మూతకేసి చూశాడు, పిల్లికేసి చూశాడు, అత్తగారికేసి చూశాడు.

"అత్తయ్యా, పొద్దున మీరు మూతలోంచి ఏం తీశారు?"

"మాత్రే నాయనా."

"మాత్ర ఇక్కడే ఉంది."

"అదెలా ఉంటుంది? గుండ్రంగా ఉంది, చిన్నగా ఉంది, తీసి వేశాను."

"కళ్లజోడు పెట్టుకునే వేశారా?"

"కళ్లజోడు చదువుకోడానికి కదా! మాత్రను చదవాలా?" అని, వెంటనే ఆవిడ తన వేళ్లకేసి చూసుకుంది. "అవునుగానీ అల్లుడుగారూ, వేళ్లకు కాస్త గట్టిగా తగిలిందేమో అనిపిస్తోంది ఇప్పుడు..."

దర్జీ భార్యకు ఫోను చేశాడు. ఫోను కర్టెన్ గుడ్డల కుప్పలోంచి మోగింది. అతను సుద్దముక్క తీసి కటింగు బల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు: కండె గుండీ మింగింది. ఆస్పత్రికి వెళ్తున్నాం. వాక్యం చివర, అలవాటు కొద్దీ, కత్తిరింపు గుర్తు పెట్టాడు.

"పదండి, టాక్సీ నేను ఆపుతాను. అది నా వృత్తి" అన్నాడు దర్వాను. నిజమే, ఆపాడు. తలుపు తెరిచి, పిల్లితో పాటు అత్తగారిని తల వంచి ఎక్కించి, దర్జీని ఎక్కించి, తలుపు వేసి, నిటారుగా రోడ్డు మీదే నిలబడిపోయాడు. అలవాటు అలాంటిది. టాక్సీ పది గజాలు వెళ్లాక గుర్తొచ్చి వెనక పరుగెత్తాడు.

ఆస్పత్రి తలుపు కూడా అతనే తెరిచాడు. అతని వెనక వచ్చిన కుందేలు యజమానురాలు, చిలుక పంజరం మోసుకొచ్చిన ముసలాయన కూడా ఆ మర్యాద అందుకుని, ఆస్పత్రి బాగుపడిందని సంతోషించారు.

డాక్టరమ్మ కండె పొట్ట ఒత్తి చూడబోయింది. కండె గుర్రుమంది. "వద్దులెండి, చొక్కాలోనే కాస్త నిమ్మళంగా ఉంది. విప్పితే మళ్లీ దొరకదు. గుడ్డ ఎక్స్‌రేకి అడ్డం రాదు. దీనిలో పిన్నులూ అవీ, లోహం ఏమన్నా ఉందా?"

దర్జీ ఆ రోజు మొదటిసారి తడబడకుండా మాట్లాడాడు. "లేదండీ. నాడాలు మాత్రమే. నా చేత్తో కుట్టాను."

పావుగంట తర్వాత డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టింది. పొట్ట ఉన్నచోట, మబ్బుల మధ్య పున్నమి చంద్రుడిలా, గుండ్రంగా, తెల్లగా, అనుమానానికి చోటివ్వకుండా, గుండీ.

"మా హోటలుదే" అన్నాడు దర్వాను నీరసంగా. "అంచు చూడండి."

అత్తగారు కుర్చీలో కూలబడింది. డాక్టరమ్మ గబగబా చెప్పుకుపోయింది: "పక్క నుంచి ఇంకో ఫిల్ము తీసి, ఎక్కడుందో చూసుకుని ఆపరేషన్ చేద్దాం. గది సిద్ధం చేయిస్తాను. మాత్ర దేంట్లో పెట్టి ఇచ్చారు?"

"దేంట్లోనూ లేదమ్మా, ఉత్తదే వేశాను. తర్వాత పెడదామని ఇది తెచ్చాను" అని అత్తగారు శాలువా మడతల్లోంచి స్టీలు డబ్బా తీసి, సాక్ష్యంలా బల్ల మీద తెరిచిపెట్టింది. మెత్తగా ఉడికించి మెదిపిన కోడిమాంసం. ఉదయం నుంచి ఆవిడ పొట్టకు ఆనుకుని ఉండడంతో అది ఇంకా గోరువెచ్చగా ఉంది.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అంది డాక్టరమ్మ వెళ్తూ. "ఆపరేషన్ అయ్యేదాకా ఇది ఏమీ తినకూడదు. ఒక్క ముద్ద కూడా."

నాలుగు రోజులుగా తిను తిను అని బతిమాలిన ఇంటికి ఇది కొత్త ఆజ్ఞ. దర్జీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో మాత్ర లేదు, పళ్లెం లేదు, వేళ్ల మధ్య దాచిన కపటం లేదు. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి అతనికి కండె నుంచి కావలసింది ఏమీ లేదు. ఊరికే చెయ్యి చాపి, దాని తల పక్కన బల్ల మీద ఆనించాడు.

"నాదే తప్పే" అన్నాడు మెల్లగా. "తినమన్నప్పుడల్లా ఏదో ఒకటి దాచాను. ఇప్పుడేమీ లేదు, చూడు."

కండె ఆ చేతిని వాసన చూసింది. ఒక వేలు, తర్వాత ఇంకో వేలు. తనిఖీ పూర్తయ్యాక చెంపను ఆ అరచేతికి ఆనించింది. వెనక అత్తగారూ దర్వానూ తప్పు నాదంటే నాదని వాదించుకుంటున్నారు.

"తొమ్మిదోది ఇవ్వకపోయినా నేను ఊరుకోవాల్సింది పెద్దమ్మగారూ."

"నువ్వడగబట్టే కదా నాయనా తెలిసింది! నా కళ్లు పోయాయి, నీదేం తప్పు?"

"అది కాదు పెద్దమ్మగారూ... అయ్యో, మాస్టారూ! తింటోంది!"

కండె మెడ చాచి, డబ్బాలో ముఖం పెట్టి, తింటోంది. ముందు నాకింది, తర్వాత కొరికింది, తర్వాత చప్పుడు చేస్తూ తిన్నది. "తింటోంది!" అని ముగ్గురూ ఒకేసారి ఆనందంతో అరిచారు. "తినకూడదు!" అని ముగ్గురూ మరుక్షణం భయంతో అరిచారు. దర్జీ డబ్బా పట్టుకున్నాడు. లాగాలి. గీత మీద కత్తెర తప్పనివ్వని ఆ చెయ్యి ఒక్క అంగుళం కదలలేదు. లాక్కుంటే ఆ చేతిని కండె మళ్లీ ఎప్పటికీ నమ్మదు. లాక్కోకపోతే, 'ఎప్పటికీ' అనేది ఈ సాయంత్రం దాకానేనేమో.

"నువ్వు తీయవయ్యా!" అన్నాడు దర్వానుతో.

"నావల్ల కాదు మాస్టారూ. నేను తలుపులు తీస్తానంతే."

ఆ మాటకే అన్నట్టు తలుపు తెరుచుకుంది. దర్జీ భార్య. చెప్పులు చెరో రకం, చేతికి సుద్ద. వెనకే, జరిగిందంతా ఆమెకు చెబుతూ, డాక్టరమ్మ.

"తినేస్తోంది డాక్టరమ్మా, క్షమించండి, ఆపలేకపోయాను..." దర్జీ కళ్లు తుడుచుకున్నాడు.

భార్య పిల్లిని చూసింది, వెలుతురు పెట్టెకు తగిలించిన ఫిల్మును చూసింది, చివరికి భర్తను చూసింది.

"ఏవండీ, చొక్కాలో లోహం లేదని చెప్పింది మీరేనా?"

"నేనే. నా చేత్తో కుట్టాను కదా!"

"మనింట్లో గుండీలు ఎవరి పని?"

కండె నములుతూనే ఉంది. ఆమె వంగి, పొట్ట కింద రెండు పొరల పట్టీని మడిచి చూపించింది. లోపల, పైకి కనబడకుండా, చక్కని కాజాలో, ఇత్తడి గుండీ తళుక్కుమంది.

"నాడాలు విప్పుకుంటోందని పొద్దున్నే ఇది కుట్టాను. బయట పెడితే కొరుకుతుందని లోపట్టీ వేశాను. ఇది గట్టిది. పదిలోగా తిరిగొచ్చి కోటుకు వేరేది చూద్దామనుకున్నాను. గుండీ తీసిన చోటు ఖాళీగా ఉందని, మధ్యాహ్నం వేయాల్సిన మాత్ర కూడా మూతలోనే పెట్టి వెళ్లాను."

"అంటే పొద్దున నేను వేసింది..." అంది అత్తగారు.

"మాత్రేనమ్మా. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి సరిగ్గా లోపలికెళ్లింది. అందుకే తింటోంది."

చొక్కా విప్పి డాక్టరమ్మ ఇంకో ఫిల్ము తీసింది. పొట్టలో కోడిమాంసం తప్ప మరేమీ లేదు. "ఇలాగే ఇంకో వారం. చొక్కా, మాత్ర, గంట తర్వాత వెచ్చటి తిండి. తినేటప్పుడు చుట్టూ చేరి చూడకండి" అని చెప్పి, ఆపరేషన్ గది దీపాలు ఆర్పించింది.

భార్య చిన్న కత్తెర తీసి గుండీ దారం తెంపబోయింది. ముప్పై ఏళ్ల కట్టడి సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తులేదు. దర్వాను ఆమెను ఆపాడు.

"ఉండనివ్వండమ్మా. దానికింకా వారం పనుంది."

"మరి మీ సూపర్‌వైజరు తొమ్మిదోది ఏదని అడిగితే?"

"పిల్లి మింగిందని చెబుతా" అని దర్వాను మీసం సవరించుకుని, డాక్టరమ్మను అడిగి మొదటి ఫిల్మును జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

చెప్పబోయేది శుద్ధ అబద్ధమే. కాని దానికి ఎక్స్‌రే సాక్ష్యం ఉంది.