ఇతరముల అర

ఆ అడవి చాలా పెద్దది. దాని మధ్యలో, వాగు ఒడ్డున, చక్రాలు బురదలో దిగబడిపోయిన పాత వ్యాను ఒకటి ఉండేది. ఎప్పుడో మనుషులు ఊరూరా పుస్తకాలు అందించడానికి తిప్పిన వ్యాను అది. దారి తప్పి వచ్చి ఇరుక్కుపోతే, డ్రైవరు దిగి, చుట్టూ చూసి, వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. పుస్తకాలు అడవికి మిగిలాయి.

ఆ గ్రంథాలయానికి అధికారి కొండచిలువ. డ్రైవరు సీట్లో చుట్టలు చుట్టుకుని పడుకునేది. ఒకసారి భోంచేసిందంటే చాలా రోజులు లేచేది కాదు. అది నిద్రపోతున్నంత కాలం గ్రంథాలయం చక్కగా నడిచేది. ఎవరికి కావలసిన పుస్తకం వాళ్ళు తీసుకెళ్ళి, చదివి, తెచ్చి పెట్టేవారు. మేలుకుని ఉన్న రోజుల్లో మాత్రం వచ్చినవాళ్ళను మహా ఆప్యాయంగా చూసేది. అందుకని ఎవరూ వచ్చేవారు కాదు.

ఆ పుస్తకాలను అందరికన్నా ఎక్కువగా చదివింది వకుళమ్మ అనే ముళ్ళపంది. ఆమెది ఈ అడవి కాదు. అవతలి కొండల నుంచి వచ్చింది. అక్కడైతే బిడ్డకు దగ్గొచ్చినా, ముల్లు ఊడినా అడగడానికి అత్తలూ పిన్నులూ ఉండేవారు. ఇక్కడ ఎవరున్నారు? అందుకని పుస్తకాలను అడిగేది.

మొదట పిల్లల పెంపకం మీద ఉన్న పుస్తకం తీసుకుంది. 'భయపడిన బిడ్డను గట్టిగా గుండెలకు హత్తుకోండి' అని ఉంది అందులో. ముళ్ళపందులకు అది కుదిరే పని కాదు. దాన్ని జాగ్రత్తగా తిరిగి పెట్టేసి, పక్కనున్నది తీసింది. అది హత్యల నవల. సాయంత్రమయ్యేసరికి హంతకుడెవరో తెలిసింది, బిడ్డకు దగ్గూ తగ్గింది. ఆ తర్వాత ఆమె ఏ పుస్తకాన్నీ చిన్నచూపు చూడలేదు.

రాలిన దుప్పికొమ్మును కొరుకుతూ చదవడం ఆమె అలవాటు. ప్రేమకథ అయితే మెల్లగా గీకేది. అపరాధ పరిశోధన అయితే కటకటా కొరికేది. దయ్యాల కథలను కడుపు నిండా తిని, మంచి ఎండలో కూర్చుని చదివేది. సముద్రయానం పుస్తకం చదువుతున్న రోజుల్లో వాగుకు నీళ్ళకు వెళ్ళి, అవతలి ఒడ్డు కనపడనట్టు చాలాసేపు నిలబడిపోయేది. తాళాలు బాగుచేసే విధానం మీద కూడా ఒక పుస్తకం ఉంది. ఆ అడవిలో ఎక్కడా తాళం వేసే తలుపే లేదు. అయినా దాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది.

"తాళాలది కూడానా వదినా?" అంది పొరుగు చెట్టు మీది కొండముచ్చు గవరమ్మ. "అందులో ప్రేమేమైనా ఉందా?"

"ప్రతి తాళానికీ ఎక్కడో దాని చెవి ఉంటుంది, తొందరపడి పగలగొట్టొద్దు అని ఉంది."

"ఉందన్నమాటే అయితే," అంది గవరమ్మ.

సాయంత్రాలు పిల్లలకు చదివి వినిపించేది. కూతురు సూది, కొడుకు మేకు. అయితే తాను ముందుగా చివరిదాకా చదవని పుస్తకాన్ని వాళ్ళ ముందు తెరిచేది కాదు. పిల్లలు జడుసుకునే చోటు ఎక్కడుందో, అబద్ధమాడి బాగుపడేవాడు ఎవడైనా ఉన్నాడేమో చూసుకోవాలి కదా. జడుసుకునే చోటు వస్తోందంటే ఆ పూట దుంప ఒకటి ఎక్కువ పెట్టేది.

ఆ రోజుల్లో 'చింతాపురం కోట వంటశాల' అనే లావుపాటి నవల నడుస్తోంది. అందులో వంటవాడికీ పూలమ్మాయికీ ప్రేమ ఉంది. పులిహోర చేసే విధానం ఉంది. ఆ పులిహోర వల్ల జరిగిన హత్య, దాని వల్ల పుట్టిన దయ్యం, మధ్యలో రాజుగారి కొలువు కూడా ఉన్నాయి. దివానుగారు పులిహోర ముద్ద నోటిదాకా తెచ్చిన చోట వకుళమ్మ పుస్తకం మూసింది.

"తింటాడా అమ్మా?" అన్నాడు మేకు.

"రేపు."

"వంటవాడు మంచివాడే కదా?" అంది సూది.

"రేపు చదువుతాను కదా. దుంప తిను."

మర్నాడు కొంగ వచ్చింది.

కొంగ అడవి మండలికి కార్యదర్శి. పొరుగు అడవిలో శిక్షణ పొంది అప్పుడే తిరిగొచ్చింది. ఒంటికాలి మీద నిలబడి మాట్లాడటం వల్ల, అది ఏం చెప్పినా చాలా ఆలోచించి చెప్పినట్టు ఉండేది.

"మన గ్రంథాలయంలో క్రమం లేదు," అంది మండలిలో. "నిన్న ఒక జింక పద్యాలు తీసుకెళ్ళింది. అదే జింక ఇవాళ హత్యలు తీసుకెళ్ళింది. రేపు ఏం తీసుకెళ్తుందో మనకెలా తెలుస్తుంది?"

"అవును, ఎలా తెలుస్తుంది?" అన్నారు అధ్యక్షులు అడవిదున్నగారు. ఆయన అప్పటిదాకా ఏ పుస్తకమూ తీసుకెళ్ళలేదు కాబట్టి ఆయన గురించి ఎవరికీ దిగులు లేదు.

తీర్మానం తయారైంది. ప్రతి ప్రాణీ తనకిష్టమైన పుస్తకాల రకం ఒక్కటే చెప్పాలి. ఆ అర దగ్గరికి తప్ప వెళ్ళకూడదు. ఒక అరలో చదివినదాన్ని ఇంకో అరవాళ్ళకు నోటితో కూడా చెప్పకూడదు, అభిరుచులు కలుషితమవుతాయి. అధ్యక్షులవారు గిట్టను బురదలో అద్ది, తామరాకు మీద ముద్ర వేశారు.

అందరూ వరసగా వచ్చి చెప్పారు. నెమలికి చదవడం రాదు, కవిత్వం అంది. ముంగిసలు అపరాధ పరిశోధన అన్నాయి. గవరమ్మ ప్రేమకథల అర వంక చూసింది, వెనక నిలబడ్డ మామగారి వంక చూసింది, వంటలు అంది. అధ్యక్షులవారు రాజనీతి అన్నారు. ఆ పదవిలో ఉండి ఇంకోటి అంటే బాగుండదు. పిల్లలను ఎవరూ అడగలేదు, అందరినీ పిల్లల అరలో వేశారు. అందులో పళ్ళు తోముకోవడం గురించిన పుస్తకం ఉంది.

"మీకు?" అంది కొంగ.

"అన్నీ అండి," అంది వకుళమ్మ.

"అన్నీ అనే అర లేదమ్మా."

"పోనీ, ఏదైనా అండి."

"ఏదైనా అనే అర కూడా లేదు."

ఏదో ఒకటి చెప్పేసి రావచ్చు. కానీ వెనక నుంచి పిల్లలు చూస్తున్నారు. వకుళమ్మ నిజంగానే ఆలోచించింది. "మనసు బాగా లేకపోతే ప్రయాణాలండి. కాస్త బాగుంటే దయ్యాలు. ముసురు పట్టినప్పుడు తాళాలు..."

"అన్నీ ఇష్టమంటే ఏదీ ఇష్టం లేనట్టే," అని తేల్చింది కొంగ. "అభిరుచి లేని ప్రాణి. ఏ అరా లేదు. తర్వాత ఎవరు?"

ప్రాణుల పని అయిపోయాక పుస్తకాల పని మొదలైంది. పుస్తకాలకు మండలి తీర్మానం సంగతి తెలియదు. అందుకని చాలావాటిలో అన్నీ కలిసి ఉన్నాయి. 'చింతాపురం కోట వంటశాల'ను ఏ అరలో పెట్టాలో తెలియక కొండచిలువ కొంగను అడిగింది.

"ప్రేమ ఎక్కడ అయిపోయిందో అక్కడ చించేద్దాం," అంది కొంగ.

కొంగ ముక్కు పొడుగ్గా, పదునుగా ఉండటం సంస్కరణకు బాగా కలిసొచ్చింది.

ఆ సాయంత్రం పిల్లలు వచ్చి కూర్చున్నారు.

"దివాను తిన్నాడా?" అన్నాడు మేకు.

"ఆ ముద్ద అపరాధ పరిశోధన అరలోకి వెళ్ళింది నాన్నా. మీరు పిల్లల అర."

"నువ్వు ముందే చదివేశావు కదా. నోటితో చెప్పు."

"నోటితో కూడా చెప్పకూడదన్నారు."

"మన ఇంట్లో చెబితే ఎవరికి తెలుస్తుంది?" అంది సూది.

వకుళమ్మ వీపు మీది ముళ్ళు లేచాయి. భయమేస్తే అవి వాటంతట అవే లేస్తాయి. "అలా అనకూడదమ్మా. మనం వేరే అడవి నుంచి వచ్చినవాళ్ళం. ఇక్కడివాళ్ళు తప్పు చేస్తే అది వాళ్ళ తప్పు. మనం చేస్తే మన కొండల తప్పంటారు."

పిల్లలు కొన్నాళ్ళు అడిగారు. తర్వాత అడగడం మానేశారు. సాయంత్రం కాగానే బుద్ధిగా పళ్ళు తోముకుని పడుకునేవారు. ఆ చప్పుడు వింటూ వకుళమ్మ దుప్పికొమ్ము కొరకడం మానేసింది. బిడ్డకు దగ్గొస్తే ఏం చేయాలో ఆమెకు తెలుసు. కథ అడగని బిడ్డకు ఏం చేయాలో ఏ పుస్తకంలో ఉందో తెలియదు. తెలిసినా, అది ఏదో ఒక అరలో ఉంటుంది.

ఈలోగా అడవిలో చిక్కులు ఒక్కొక్కటే బయటపడసాగాయి. గవరమ్మకు వంటల అరలో పులిహోర సగం దొరికింది. చింతపండు పిసకడం దాకా ఉంది. తాలింపు వేస్తూ వంటవాడు పూలమ్మాయిని తలుచుకున్నాడు కాబట్టి, తాలింపు ప్రేమ అరలోకి పోయింది. వాళ్ళ ఇంటిల్లిపాదీ వారం పాటు పులుపు తిన్నారు. ముంగిసల దగ్గర పులిహోర చివరి ముక్క ఉంది. వాళ్ళూ వండారు. అందులో కలపమన్న మందు ఈ అడవిలో దొరకదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఒక మధ్యాహ్నం అధ్యక్షులవారు వకుళమ్మ బొరియ ముందు ప్రత్యక్షమయ్యారు. బొరియలో పట్టరు కాబట్టి తల మాత్రం లోపల పెట్టారు.

"తనిఖీకి వచ్చాను," అన్నారు.

"రండి, కూర్చోండి," అంది వకుళమ్మ. అంతకు మించి ఆయన రాలేరు.

"పిల్లలు బాగున్నారా?"

"పళ్ళు బాగున్నాయండి."

అధ్యక్షులవారు కాసేపు గడ్డి నమిలారు. "మీరు ఆ చింతాపురం పుస్తకం మొత్తం చదివారటగా."

"అప్పట్లో చదివానండి, తీర్మానం కాకముందు," అంది వకుళమ్మ. ముళ్ళు లేవడం మొదలైంది.

"మా రాజనీతి అరలో దాని ముక్క ఒకటి ఉంది. మిగతావి తెరవగానే నిద్రొస్తుంది. ఇది మాత్రం రానివ్వడం లేదు. దివాను చచ్చిపోయాడు. రాజు కొలువు తీర్చాడు. 'ఆ రోజు వంటశాల తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?' అని అడిగాడు. మంత్రి లేచాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు." అధ్యక్షులవారు కూడా నోరు తెరిచారు. "అంతే. అక్కడ చించేశారు. ఏమన్నాడమ్మా మంత్రి?"

"ఆ మాట ఏ అరలో ఉందండీ?"

"దయ్యాల అరలో. అప్పుడే దివాను దయ్యం తలుపు తోసుకుని వస్తుందట."

"తమరు రాజనీతి కదండీ."

"నేను అధ్యక్షుణ్ణి."

"అవునండి. ముద్ర కూడా తమరిదే."

"నేనెవరికీ చెప్పను. ఒక్క మాట చెప్పు తల్లీ."

వకుళమ్మ ముళ్ళు గలగలలాడాయి. "నా పిల్లలు అడిగితేనే చెప్పలేదండి. బతిమాలారు. అలిగారు. ఇప్పుడు అడగడమే మానేశారు. వాళ్ళకు చెప్పకుండా మీకు చెబితే రేపు వాళ్ళ మొహం ఎలా చూడనండీ?"

మూల నుంచి సూది, మేకు చూస్తున్నారు. అధ్యక్షులవారు ముళ్ళ వంక చూశారు, పిల్లల వంక చూశారు, తల బయటికి తీసుకున్నారు.

మర్నాడే మండలి సమావేశమైంది.

"రద్దు చేసేద్దాం," అన్నారు అధ్యక్షులవారు.

"రద్దు చేస్తే తప్పు చేశామని ఒప్పుకున్నట్టు అవుతుందండి," అంది కొంగ. "ముందుకు తీసుకెళ్దాం." కాలు మార్చి నిలబడి ఆలోచించింది. "కొత్త అర ఒకటి పెడదాం. ఇతరములు. ఏ అరకూ చెందని పుస్తకాలకూ, ఏ అరకూ చెందని ప్రాణులకూ. ఒకే అరవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవచ్చు, అది నిషేధం కాదు."

ఇతరముల అరలో మొదటి సభ్యురాలు వకుళమ్మ. రెండో సభ్యులు అధ్యక్షులవారు, పరిశీలన నిమిత్తం. అధ్యక్షులవారు ఎక్కడుంటే అక్కడ ఉండటం పద్ధతి కాబట్టి మిగతావాళ్ళూ దరఖాస్తు పెట్టుకున్నారు. గవరమ్మ అందరికన్నా ముందు పెట్టింది. పిల్లలను ఈసారీ ఎవరూ అడగలేదు, తల్లులతో పాటు వచ్చేశారు.

పుస్తకాల దగ్గర చిన్న చిక్కొచ్చింది. ప్రేమ ముక్క ప్రేమ అరదే. హత్య ముక్క హత్య అరదే. అవి విడివిడిగా ఉన్నంత కాలం ఇతరములు కావు. కలిపి కుడితేనే అవుతాయి. ఆ మాట కొంగే ఆలోచించి చెప్పింది.

ఏ ముక్క వెనక ఏ ముక్క వస్తుందో తెలిసింది వకుళమ్మ ఒక్కదానికే. ఆమె ఊడిన ముళ్ళు తెచ్చింది. గవరమ్మ చెట్టు నార తెచ్చింది. వ్యాను మెట్ల మీద కూర్చుని రోజుల తరబడి కుట్టారు. మేకు ముళ్ళు అందించాడు, సూది నార లాగింది. తాలింపు మళ్ళీ చింతపండు పక్కకు వచ్చింది.

'చింతాపురం' పూర్తయిన సాయంత్రం అడవంతా వ్యాను ముందు కూర్చుంది. అధ్యక్షులవారు ముందు వరసలో ఉన్నారు.

"ఆ మంత్రి దగ్గర నుంచి చదవండి," అన్నారు.

వకుళమ్మ పిల్లల వంక చూసింది. మేకు దగ్గరికి జరిగి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మొదటి నుంచి అమ్మా."

మొదటి నుంచే చదివింది. అధ్యక్షులవారు ఓర్చుకున్నారు. పూలమ్మాయి వంటవాడికి ఉత్తరం రాసిన చోట కళ్ళు తుడుచుకుని, ఈగలు అన్నారు. దివాను ముద్ద తిన్నాడు. పిల్లలకు దుంప ఒకటి ఎక్కువ అందింది. చివరికి రాజు ప్రశ్న అడిగాడు. మంత్రి లేచాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. అడవిలో ఆకు కదల్లేదు.

"'తాళంచెవులు నా శాఖ కాదు మహారాజా,' అన్నాడు మంత్రి," అని చదివింది వకుళమ్మ.

అధ్యక్షులవారు చాలాసేపు తల ఊపారు. "ఎంత సహజంగా రాశాడు," అన్నారు.

ఇప్పుడు ఆ గ్రంథాలయంలో అన్ని అరల మీదా ఇతరములు అనే పలకలే ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకెళ్ళి, చదివి, తెచ్చి పెడుతున్నారు. కొండచిలువ భోంచేసి పడుకుంది. ఇంత పెద్ద సంస్కరణను జయప్రదంగా అమలు చేసినందుకు కొంగకు శాలువా కప్పారు. వకుళమ్మ పిల్లల చేత చప్పట్లు కొట్టించి, ఇంటికి వెళ్ళి, దుప్పికొమ్ము వెతుక్కుంది. చీకటి పడకముందే మేకు వచ్చి పక్కన కూర్చుని, ఆ తాళాల పుస్తకంలో ఏముందని అడిగాడు.

దీన్నిబట్టి పిల్లలు గ్రహించవలసింది ఏమిటంటే, పనికిమాలిన నియమానికి దాన్ని ధిక్కరించేవాళ్ళ వల్ల ఏ ప్రమాదమూ లేదు, అది జాగ్రత్తగా ఉండవలసింది భయభక్తులతో పాటించేవాళ్ళతోనే.