చెలమ దారికి పది మార్కులు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి ఉండేది. బడి చిన్నదే గానీ దాని బోర్డు మాత్రం చాలా పెద్దది. వానొస్తే పిల్లలంతా తరగతి వదిలేసి బోర్డు కింద నిలబడేవాళ్ళు.

ఆ బడికి హెడ్మాస్టరు నక్క, నాగభూషణం గారు. గుమాస్తా తొండ. తొండకి తల ఊపడం పుట్టుకతోనే వచ్చిన విద్య కాబట్టి ఆ ఉద్యోగానికి పరీక్ష పెట్టకుండానే తీసుకున్నారు.

ఆ ఏడు టర్ము మొదట్లో రాజుగారి దగ్గర్నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అడవిలోని పెద్దల్ని బడికి పిలిచి, వాళ్ళకి తెలిసిన విద్య పిల్లలకి నేర్పించాలి. టర్ము చివర తనిఖీ ఉంటుంది. నూటికి నూరు శాతం పాసయిన బడికి పతకం, దాని హెడ్మాస్టరుకి పట్టు కండువా.

ఆ కబురు విని అందరికంటే ముందు బయల్దేరింది తాబేలు కూర్మమ్మ.

ఆవిడ తొందరకి కారణం ఉంది. చాలా ఏళ్ళకోసారి అడవిలో మడుగు పూర్తిగా ఎండిపోతుంది. అప్పుడు అందర్నీ బతికించేది ఎండిపోయిన వాగులో ఒక్కచోట, ఇసుక తవ్వితే ఊరే చెలమ. కిందటిసారి మడుగు ఎండినప్పుడు ఆ దారి తెలిసినవాళ్ళు నలుగురుండేవారు. ముగ్గురు పోయారు. మిగిలింది కూర్మమ్మ.

ఆ కూర్మమ్మకి ఈమధ్య మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్న ఆకేమిటో సాయంత్రానికి గుర్తుండదు. "ఇల్లు వీపు మీదుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అదీ ఎక్కడో పెట్టి మర్చిపోయేదాన్ని" అని నవ్వేది. నవ్వాక మాత్రం కాసేపు మెడ లోపలికి లాక్కుని కూర్చునేది. ఒకరోజు లేచేసరికి చెలమ దారి కూడా పోయి ఉంటే?

"బాబూ, పిల్లల్ని నా వెంట పంపండి. ఈ టర్మంతా నాతో నడిస్తే దారి వాళ్ళకి పట్టుబడుతుంది" అంది హెడ్మాస్టరుతో.

"నడకా? టైం టేబుల్లో నడక లేదండీ కూర్మమ్మగారూ. మీరు చెప్పండి, మా తొండ రాసుకుంటాడు. పిల్లలు కంఠతా పడతారు."

కూర్మమ్మ కళ్ళు మూసుకుని చెప్పసాగింది. "ఇప్పచెట్టు దగ్గర్నుంచి పొద్దుపొడుపుకి ఎదురుగా నడవాలి. చారల బండ వస్తుంది. దాటాక మద్దిచెట్టు. మద్దిచెట్టు దగ్గర..."

ఆగిపోయింది.

"మద్దిచెట్టు దగ్గర?" అన్నాడు నాగభూషణం.

"ఎడమకా, కుడికా? అక్కడికి వెళ్తే నా కాళ్ళకి తెలుస్తుంది బాబూ."

"కాళ్ళకి తెలిసింది పరీక్షలో రాయలేం కదండీ. ఏదో ఒకటి చెప్పండి, గంట కొట్టే వేళయింది."

"ఎడమ అని రాసేశానండి. కుడి కంటే ఎడమ రాయడానికి బాగుంటుంది" అన్నాడు తొండ, తలాడిస్తూ.

"ఆ తర్వాత కాలికింద ఇసుక చల్లగా తగిలేదాకా పోవాలి. అక్కడ తవ్వాలి" అని ముగించింది కూర్మమ్మ, అనుమానంగానే.

అలా పుస్తకంలోకి 'చెలమ మార్గము' అనే పాఠం ఎక్కింది. పది మార్కులు.

పిల్లలు ఊగుతూ వల్లించారు. అందరికంటే బాగా వల్లించింది గోరువంక పిల్ల. "మద్దిచెట్టు వద్ద ఎడమకు తిరుగవలెను. ఇసుక చల్లగా ఉండును" అని అది గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే హెడ్మాస్టరుకి కండువా మెడమీద పడ్డట్టే ఉండేది.

వెనక బెంచీలో అడవిపంది పిల్ల ఒకటుంది. దానికి నోరు ఊరుకోదు. "సార్, మద్దిచెట్టు ఎలా ఉంటుంది?"

"అది పరీక్షలో రాదు. బయట నిలబడు."

ముంగిస పిల్ల లేచింది. "సార్, చల్లగా అంటే ఎంత చల్లగా?"

"నువ్వూ బయటికే."

నెల తిరిగేసరికి బయట ఏడుగురు నిలబడి ఉన్నారు. నాగభూషణం వాళ్ళని కిటికీలోంచి చూసి ఆలోచించాడు. ఈ ఏడుగురూ పరీక్ష రాస్తే నూరు శాతం ఎక్కడిది? తొండచేత హాజరుపట్టీ తెప్పించి వాళ్ళ పేర్లు తనే అడ్డంగా కొట్టేశాడు. తొండ తల ఊపాడు.

ఇటు కూర్మమ్మకి మనసు నిలవలేదు. దారి తనకింకా గుర్తుందో లేదో చూసుకోవడానికి రోజూ పొద్దున్నే బయల్దేరేది. బడి ముందునుంచే పోవాలి.

"ఎక్కడికి అమ్మమ్మా?" అంది ముంగిస పిల్ల మొదటిరోజు.

"చెలమకే. మీరేంటర్రా, బయటున్నారు?"

"నిలబడుతున్నాం."

"ఊరికే నిలబడేబదులు నడవండి."

నడిచారు. తాబేలు నడకకి పిల్లలు ముందుకి పది అడుగులు పరిగెత్తి, వెనక్కి పది అడుగులు వచ్చేవాళ్ళు. దాంతో ప్రతి బండా, ప్రతి పుట్టా రెండేసిసార్లు చూశారు. మద్దిచెట్టు దగ్గర కూర్మమ్మ కాళ్ళు కూడా ఆవేళ మాట వినలేదు. ఎడమకి పోయి ముళ్ళపొదలో పడ్డారు. మళ్ళీ వెనక్కి వచ్చి కుడికి పోయారు. పంది పిల్ల ముట్టెతో ఇసుక వాసన చూస్తూ పోయి, "అమ్మమ్మా, ఇక్కడ చల్లగా ఉంది!" అని అరిచింది.

మర్నాడు కూర్మమ్మ మళ్ళీ మర్చిపోయింది. పిల్లలు చూపించారు. ఆ మర్నాడు చారల బండనే దాటేసి ఎటో పోతుంటే ఏడుగురూ కలిసి ఆవిడని చుట్టు తిప్పి తెచ్చారు.

ఆరోజు కూర్మమ్మ కళ్ళు తడిసినాయి. "మీకు నేర్పుదామని వచ్చి, మీచేత నేర్పించుకుంటున్నానర్రా."

"నువ్వు రోజూ మర్చిపో అమ్మమ్మా. నీకు గుర్తొచ్చేస్తే మేం మళ్ళీ ఎండలో నిలబడాలి" అంది ముంగిస పిల్ల.

ఎండలు ముదిరాయి. మడుగు బురదయింది, బురద పెచ్చులయింది. సరిగ్గా అప్పుడే తనిఖీకి అడవిదున్న గారు వచ్చారు. కొండ దిగి రావడంతో ఆయన నాలుక పిడచగట్టి ఉంది.

"నూటికి నూరండీ!" అన్నాడు నాగభూషణం, బయటి ఏడుగురినీ బోర్డు వెనక్కి పంపేసి. గోరువంక పిల్ల లేచి పాఠం అప్పజెప్పింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

"భేష్. పదండి, ఆ నీళ్ళు చూపించండి" అన్నారు దున్న గారు.

హెడ్మాస్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. "చూపించడం... అది పై తరగతిలో వస్తుందండీ."

"పదండి!"

తరగతంతా బయల్దేరింది, వెనకాల నీళ్ళకోసం అడవి అంతా. గోరువంక పిల్ల పాఠం వల్లిస్తూ ముందు ఎగిరింది. కనబడ్డ మొదటి పెద్ద చెట్టుని మద్దిచెట్టు అనుకుంది. ఎడమకు తిరిగింది. తిరిగి తిరిగి వస్తే ఎదురుగా పెద్ద బోర్డు. బడే! రెండోసారీ బడే. మూడోసారి బోర్డు కనబడగానే దున్న గారు కొమ్ములు వంచారు.

"ఈ పాఠం ఎవరు చెప్పారు?"

అందరూ కూర్మమ్మ వైపు చూశారు. లేడి ఒకతి నాలుక బయటపెట్టిన పసికూనని ముందుకి తోసింది. "అమ్మా, నువ్వే చెప్పాలి" అంది.

కూర్మమ్మ నోరు తెరిచింది. ఇప్పచెట్టు వరకు గుర్తొచ్చింది. ఆ తర్వాత అంతా తెల్లగా ఉంది. బండ లేదు, చెట్టు లేదు, వాగు లేదు. ఇన్నాళ్ళూ ఏరోజు వస్తుందని భయపడిందో, ఆరోజు వచ్చేసింది.

"అమ్మమ్మా, కుడికి" అంది పంది పిల్ల, బోర్డు వెనకనుంచి. "ఎడమకి పోతే ముళ్ళు. మొన్న నీ కాలికి గుచ్చుకుందిగా!"

"ముందు చారల బండ రావాలిరా, తొందరపడకు" అంది ముంగిస పిల్ల.

ఏడుగురూ ముందు నడిచారు. బండ వచ్చింది. మద్దిచెట్టు వచ్చింది. కుడికి తిరిగారు. పంది పిల్ల ముట్టె ఆన్చిన చోట తవ్వితే ఇసుక తడిసింది, ఆపైన నీళ్ళు ఊరాయి. ముందు పసికూనలు తాగారు, తర్వాత తల్లులు, తర్వాత దున్న గారు. చాలాసేపు తాగారాయన.

మూతి తుడుచుకుని, "ఈ ఏడుగురూ ఎవరి పిల్లలు?" అనడిగారు.

"మా బడి పిల్లలేనండీ! వెనక బెంచీ రత్నాలు!" అని నాగభూషణం ముందుకి దూకాడు.

"పట్టీ తే."

తొండ తెచ్చాడు. ఏడు పేర్ల మీదా అడ్డగీతలు. "ఇవి కొట్టింది నువ్వేనా?" అని దున్న గారు హెడ్మాస్టరునే చూస్తూ అడిగారు. నాగభూషణం లేదనబోయాడు. అప్పటికే తొండ తల ఊపేశాడు.

దున్న గారు అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు: 'బయట నిలబడినవారికే ఈ బడిలో చదువు వచ్చుచున్నది. కావున వచ్చే టర్ము నుండి హెడ్మాస్టరును, గుమాస్తాను బయట నిలబెట్టవలెను.'

కూర్మమ్మ తడి ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఇన్నాళ్ళూ నాకేదో బెంగ ఉండేదే... ఏమిటర్రా అది?"

"మర్చిపోయావా అమ్మమ్మా?"

"మర్చిపోయాను" అంది కూర్మమ్మ, హాయిగా.

కాబట్టి పిల్లలూ, తరగతిలో నోరు మూసుకుని బుద్ధిగా కూర్చోండి. ప్రశ్నలు అడిగారంటే దారి తెలిసిపోగలదు, జాగ్రత్త.